ఫైబర్ కనెక్షను బాగుంది, రౌటరు అమరికే బాగోలేదు

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలోని మా ఇంటికి స్థానిక కేబుల్ సంస్థ ఒకటి ఇచ్చిన ఫైబర్ కనెక్షను గురించీ, దానితోపాటు బిగించిన రౌటరు గురించీ ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు రాయకపోవడానికి కారణం, ఈ లోపం ఆ ఒక్క సంస్థకే పరిమితం కాదన్న నా అనుమానం. వేగానికి వంక పెట్టలేను. గాలివానకు స్తంభాల మీది తీగ తెగడం మన జిల్లాలో మామూలే అయినా, ఫోను చేస్తే మనిషి వస్తాడు, మర్యాదగా మాట్లాడి తీగ అతికించి వెళ్తాడు. పలాస జీడిపప్పు వ్యాపారుల జీఎస్‌టీ లెక్కలు ఇంటి నుంచే చూసే నాకు అంతకుమించి అక్కరలేదు. నా అభ్యంతరమంతా రౌటరు లోపల వారు చేసి వెళ్లిన పని మీదే.

మా ఇంటి కెమెరాల రికార్డింగు నా లెక్కల కంప్యూటరులోనే జరుగుతుంది. ఊళ్లో లేనప్పుడు దానిని ఫోనులో చూసుకోవాలని అడిగితే, అందుకు కావలసిన ఒక్క పోర్టును (ఒక్కో పనికి ఒక్కో అంకెతో ఉండే దారిని) తెరవడం మాని, ఆ కంప్యూటరు చిరునామాను రౌటరులోని డీఎంజెడ్ (బయటివారికి తెరిచి ఉంచే భాగం) గడిలో రాసి పని ముగించారు. ఏ పోర్టో వెతికే శ్రమ లేదు, కెమెరా వెంటనే కనబడుతుంది, వినియోగదారుడు సంతోషిస్తాడు. కానీ వీధి తలుపు తాళంచెవి దొరకలేదని తలుపునే ఊడదీసి గోడకు ఆనించినట్టుంది ఈ పద్ధతి. ఇంట్లో ఎవరూ కోరకుండా బయటినుంచి వచ్చే ప్రతి సంకేతాన్నీ, వేరే పోర్టుకు ప్రత్యేకంగా దారి చూపి ఉంటే తప్ప, రౌటరు ఆ కంప్యూటరుకే పంపుతుంది. పెద్ద సంస్థలలో డీఎంజెడ్‌ను లోపలి నెట్‌వర్కు నుంచి వేరుచేసి ఉంచుతారు; ఇళ్లలో వాడే రౌటర్లలో సాధారణంగా ఆ విభజన ఉండదు కనుక, ఆ కంప్యూటరు పరుల చేతికి చిక్కితే అక్కడినుంచి మిగతా ల్యాప్‌టాప్‌లకూ ప్రింటరుకూ దారి దొరుకుతుంది.

2017 మే నెలలో వన్నాక్రై వైరస్ వ్యాపించింది విండోస్ ఫైల్ షేరింగులోని లోపం ద్వారా, డీఎంజెడ్ ఇలా తెరిచి ఉంచే పోర్టులలో ఒకటైన 445వ పోర్టు మీదుగా. మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి మార్చిలోనే సవరణ విడుదల చేసినా, దానిని వేసుకోని యంత్రాలు దెబ్బతిన్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా వాటిలో ఉన్నాయి, శ్రీకాకుళం జిల్లావి సహా. 2019లో బయటపడిన బ్లూకీప్ లోపం, కంప్యూటరును దూరం నుంచి నడిపే రిమోట్ డెస్క్‌టాప్‌కు సంబంధించినది. విండోస్ 7 వంటి పాత యంత్రాలలో పాస్‌వర్డు తెలియకుండానే చొరబడే వీలు కల్పించింది. విశాఖలో ఉండే మా సహాయకుడు రిమోట్ డెస్క్‌టాప్ ద్వారానే పని చేస్తాడు కాబట్టి నాకు ఈ భయం దూరపు మాట కాదు. బయటి సంకేతాలను వడకట్టే విండోస్ సొంత ఫైర్‌వాల్ కొంతవరకు అడ్డుకోగలదు, నిజమే; అయితే కెమెరా సాఫ్ట్‌వేరుకు అడ్డొస్తోందని బిగించిన మనిషి దానినీ ఆపివేసి వెళ్లాడు.

ఈ ముప్పు అందరికీ ఒకేలా ఉండదని కూడా చెప్పాలి. ఈ సంస్థ మామూలు ప్లానులో చాలా ఇళ్లకు కలిపి, ఇంటర్నెట్‌లో కనిపించే ఒకే పబ్లిక్ చిరునామా వాడుతుంది. అటువంటి ఇంట్లో డీఎంజెడ్ తెరిచినా ఇంటర్నెట్ నుంచి నేరుగా దారి ఉండదు. రౌటరు స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (రౌటరు బయటివైపు చిరునామా) 100.64కూ 100.127కూ మధ్య మొదలైతే మీది ఉమ్మడి చిరునామా అని గుర్తించవచ్చు. కెమెరాల కోసం అదనంగా డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ (మారని సొంత చిరునామా) తీసుకున్న మాలాంటివారికే అసలు చిక్కు. అంత డబ్బు తీసుకున్నప్పుడైనా ఒక హెచ్చరిక చేయాల్సింది. ప్రతి యంత్రానికీ సొంత చిరునామా ఉండే ఐపీవీ6 కూడా ఇచ్చేచోట ఉమ్మడి చిరునామా ధీమా పనికిరాదు, రౌటరు ఫైర్‌వాల్ పనిచేస్తోందో లేదో విడిగా చూసుకోవాలి.

మిగతా అమరికలూ ఇదే తీరు. అడ్మిన్ పాస్‌వర్డు కంపెనీ నుంచి వచ్చినదే ఉంది. 2016లో మిరాయ్ వైరస్ కెమెరాలనూ రౌటర్లనూ వశపరచుకున్నది ఇలాంటి పాస్‌వర్డులతోనే. రౌటరు పేజీని బయటినుంచి తెరవగల రిమోట్ మేనేజ్‌మెంటు ఆన్‌లో ఉంది. పాస్‌వర్డు బదులు మీటతోనో పిన్‌తోనో వైఫైలో చేరనిచ్చే డబ్ల్యూపీఎస్ కూడా అంతే. దాని పిన్ ఎనిమిది అంకెలదైనా రెండు ముక్కలుగా సరిచూడబడుతుంది కనుక, గరిష్ఠంగా 11,000 ప్రయత్నాలలో దొరికిపోతుందని 2011లోనే తేలింది.

సంస్థ కార్యాలయానికి వెళ్లి అడిగితే కౌంటరులోని అబ్బాయి, "అందరికీ ఇలాగే పెడతాం సార్, ఇంతవరకు ఎవరూ అడగలేదు" అన్నాడు. ఆ జవాబులో దాపరికం లేదు, అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. మర్నాడు మనిషిని పంపి డీఎంజెడ్, రిమోట్ మేనేజ్‌మెంటు, డబ్ల్యూపీఎస్ తీయించారు. ఫైర్‌వాల్ తిరిగి పెట్టించారు. బయటినుంచి ఇంటి నెట్‌వర్కులోకి రహస్య మార్గం వేసే వీపీఎన్ సదుపాయం రౌటరులోనే ఉంది కనుక కెమెరాలకూ రిమోట్ డెస్క్‌టాప్‌కూ ఇప్పుడు దాని ద్వారానే వెళ్తున్నాం. ఒక్క అదనపు మీట నొక్కడం మినహా మా సహాయకుడికి ఇబ్బందేమీ లేదు. రౌటరును నడిపే సాఫ్ట్‌వేరు అయిన ఫర్మ్‌వేర్‌కు అప్‌డేటు ఎప్పుడు వస్తుందన్న ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు రాలేదు.

వేగానికీ మరమ్మతులకూ 5కు 4 మార్కులు, భద్రతకు 1. కనెక్షను మార్చుకునే ఆలోచన లేదు. కొత్తగా తీసుకునేవారు మాత్రం బిగించే మనిషి ఇంట్లో ఉండగానే అడ్మిన్ పాస్‌వర్డు అడిగి, అతని ఎదుటే మార్చుకోవడం మంచిది. తరువాత అడిగితే కార్యాలయం చుట్టూ తిరగాలి.