ఆరో తరగతికి అమ్మాయిని ఎక్కడ వేద్దాం: కస్తూర్బానా, గురుకులమా, ఊళ్లో హైస్కూలా?

ఐదో తరగతి పూర్తి కావస్తున్న ఆడపిల్ల ఉన్న ఇంట్లో వేసవికి ముందే ఈ మాటలు మొదలవుతాయి. కస్తూర్బాలో వేద్దామా, గురుకులం పరీక్ష రాయించామా లేదా, ఇవన్నీ ఎందుకు, ఊళ్లో జడ్పీ హైస్కూలుకే పంపుదామా అని. ఎక్కువమంది చూసేది రెండు విషయాలు: తిండి బాగుంటుందా, పిల్ల భద్రంగా ఉంటుందా. రెండూ చూడాల్సినవే. కానీ ఏడేళ్ల తర్వాత ఈ పిల్ల డిగ్రీలోనో ఇంజినీరింగులోనో ఉంటుందా, లేక అత్తగారింట్లో ఉంటుందా అన్నది కూడా చాలావరకు ఈ ఎంపిక మీదే ఆధారపడుతుంది. ఆ వైపు నుంచి ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. నేను జడ్పీ స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి నా మొగ్గు ఎటో మీరు ముందే అనుమానించవచ్చు, తప్పులేదు.

కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు 2004లో కేంద్ర పథకంగా మొదలయ్యాయి. ఆడవాళ్లలో అక్షరాస్యత తక్కువగా ఉన్న మండలాలను ఎంచి పెట్టారు. సీట్లలో 75 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ పిల్లలకు, మిగతా 25 శాతం దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు. ప్రవేశ పరీక్ష ఉండదు. తల్లిదండ్రులు లేనివాళ్లు, ఒక్కరే ఉన్నవాళ్లు, బడి మానేసినవాళ్లు ముందు వరుసలో ఉంటారు. హాస్టలు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ ఉచితం.

ఈ పథకం అసలు రూపంలో ఆరు నుంచి ఎనిమిది వరకే. ఎనిమిది అవగానే పిల్ల పెట్టె సర్దుకుని ఇంటికి రావాల్సిందే. మన దగ్గర పదో తరగతి దాకా నడిపారు. 2018లో బడి చదువుకు సంబంధించిన కేంద్ర పథకం సమగ్ర శిక్ష వచ్చాక పన్నెండో తరగతి వరకు పెంచుకునే వీలు కలిగింది, చాలా కస్తూర్బాల్లో ఇంటర్ తెరిచారు. నా దృష్టిలో ఈ పథకంలో జరిగిన అతిపెద్ద మేలు ఇదే. మా స్కూల్లో పదో తరగతి మంచి మార్కులతో పాసై, జూన్‌లో ఏ కాలేజీలోనూ కనిపించని అమ్మాయిలు ఉన్నారు. వాళ్లకు లెక్కలు రాక ఆగిపోలేదు. ఇంటర్ కాలేజీ మండల కేంద్రంలోనో, ఇంకా దూరంలోనో ఉంది, బస్సు వేళలు కుదరవు, ఈలోగా సంబంధం వచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. పదికీ ఇంటర్‌కీ మధ్య వచ్చే ఆ రెండు నెలల సెలవులే ప్రమాదమైన కాలం. అదే ఆవరణలో, అదే హాస్టల్లో, అదే మేడమ్‌ల దగ్గర ఇంటర్ ఉంటే పిల్లను తిరిగి పంపడానికి ఇంట్లో కొత్తగా ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు.

అందుకే కస్తూర్బా అడిగేటప్పుడు "ఇంటర్ ఉందా?" అన్నదే మొదటి ప్రశ్న కావాలి. ఉందంటే ఏ గ్రూపు అని అడగాలి. అన్నిచోట్లా అన్ని గ్రూపులూ ఉండవు, ఒక్కోచోట ఒకటో రెండో ఉంటాయి. ఎంపీసీ చదవాలనుకున్న పిల్ల, అక్కడ అది లేదని ఇంకో గ్రూపులో చేరిపోతే ఆ దారి అక్కడే మూసుకుపోతుంది.

అందరూ ఆడపిల్లలే అయితే ఏమవుతుంది?

మా స్కూల్లాంటి కలిపి చదివే హైస్కూల్లో ఆగస్టు 15 వస్తే ఏం జరుగుతుందో గమనించండి. మైకు సెట్టు తెచ్చేది, జెండా కర్ర పాతేది, బెంచీలు మోసేది మగపిల్లలు. ముగ్గులు వేసేది, స్వాగత గీతం పాడేది, అతిథులకు టీ ఇచ్చేది ఆడపిల్లలు. ఎవరూ కావాలని చేయరు, నేను కూడా అలాగే పురమాయిస్తుంటాను, తర్వాత నాలుక కరుచుకుంటాను. క్లాసులోనూ అంతే. "ఎవరు చేస్తారు బోర్డు మీద?" అంటే మగపిల్లల చేతులు ముందు లేస్తాయి, జవాబు వచ్చినా రాకపోయినా. లెక్క చేసేసిన అమ్మాయి నోటుబుక్కు మూసి కూర్చుంటుంది. ఏడో తరగతి నుంచి ఇది మరీ ఎక్కువవుతుంది. అప్పుడే పెద్దమనిషి అవడం, నెలసరి, బాత్రూముల సంగతి, ఎవరేమంటారో అన్న టెన్షన్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. బీజగణితం కూడా సరిగ్గా అప్పుడే మొదలవుతుంది.

ఆడపిల్లల బడిలో ఈ పంపకం లేదు. మైకు వాళ్లే కట్టాలి, బెంచీ వాళ్లే మోయాలి, సైన్స్ ల్యాబులో పరికరం వాళ్లే పట్టుకోవాలి, క్లాస్ లీడరూ స్కూల్ లీడరూ వాళ్లే. కస్తూర్బాల్లో టీచర్లు, స్పెషల్ ఆఫీసరు కూడా ఆడవాళ్లే. అధికారంలో ఉన్న ఆడమనిషిని రోజూ చూస్తూ పెరగడం పాఠాల్లో దొరికేది కాదు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న, పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణను గుర్తు చేసుకోండి. ఇంటి దగ్గర నుంచి అయితే ఆ పిల్లను కొండలెక్కే శిక్షణకు పంపేవాళ్లు ఎంతమంది?

అయితే చదువు సంగతికి వస్తే, ఆడపిల్లల బడి అన్నంత మాత్రాన మార్కులు పెరుగుతాయని చెప్పలేం. 2014లో 21 దేశాల్లో దాదాపు 16 లక్షల మంది విద్యార్థుల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు. కుటుంబ నేపథ్యం లాంటి తేడాలను లెక్కలోకి తీసుకుని పకడ్బందీగా చేసిన అధ్యయనాల్లో, విడిగా చదివితే చెప్పుకోదగ్గ లాభమేమీ కనిపించలేదు. మరోవైపు దక్షిణ కొరియాలోని సియోల్‌లో స్కూలును లాటరీ పద్ధతిలో కేటాయించేవాళ్లు. అక్కడ విడి బడుల పిల్లలు నాలుగేళ్ల కాలేజీల్లో ఎక్కువగా చేరినట్టు తేలింది. కాబట్టి ఇది ఒకవైపే చెప్పే సంగతి కాదు. 1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి తెరిచిన రోజుల్లో, విడి బడి అంటే పిల్లకు నేర్పడం కంటే ముందు పెద్దల్ని ఒప్పించే మార్గం. ఇప్పటికీ చాలా ఇళ్లలో అదే లెక్క. "అక్కడ అందరూ ఆడపిల్లలే" అనగానే నాన్న సంతకం పెడతాడు. ఆ సంతకం విలువ తక్కువేం కాదు.

ఊళ్లో హైస్కూలుకు ఉన్న లాభాలు

ఇవి చాలామంది తల్లిదండ్రులకు తెలియవు, తెలిసిన టీచర్లు కూడా గట్టిగా చెప్పరు. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏటా 12,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. ఇది ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల స్కూళ్లలో రోజూ ఇంటి నుంచి వెళ్లి చదివేవాళ్లకు. ప్రభుత్వం నడిపే రెసిడెన్షియల్ స్కూళ్ల పిల్లలకు అర్హత లేదు, భోజనం, వసతి అక్కడే ఇస్తున్నారు కాబట్టి. నాలుగేళ్లకు 48,000. ఒక అమ్మాయిని ఇంటర్ మాన్పించకుండా ఆపడానికి, బస్సు చార్జీలకు, పుస్తకాలకు అది సరిపోతుంది. ఆ డబ్బు పిల్ల పేరు మీద వస్తుంది కాబట్టి, చదువు ఆపేస్తే ఆగిపోతుందన్న మాట ఇంట్లో బాగా పనిచేస్తుంది.

రెండోది ట్రిపుల్ ఐటీ. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో 2008లో మొదలైన ఈ ఆరేళ్ల కోర్సుకు పదో తరగతి ఫలితాలే ఆధారం. గ్రేడ్లున్న రోజుల్లో హాస్టల్ లేని ప్రభుత్వ, జడ్పీ, మున్సిపల్ స్కూళ్ల పిల్లలకు 0.4 పాయింట్లు అదనంగా కలిపేవారు. పద్ధతి ఏడాదికి, రాష్ట్రానికి మారుతుంటుంది, నోటిఫికేషన్ చూసుకోవాలి. కానీ సీటు అంచున ఉన్న పిల్లకు ఆ కాస్తా చాలా పెద్దది. ఇంటర్ గొడవ లేకుండా ఒకేసారి ఆరేళ్లు కాలేజీలో కూర్చోబెట్టే దారి ఇది.

టీచర్ల విషయం కూడా చూడాలి. జడ్పీలో ఎక్కువమంది డీఎస్సీ ద్వారా వచ్చిన రెగ్యులర్ వాళ్లు. కస్తూర్బాల్లో కాంట్రాక్టు టీచర్లు. వాళ్లు తక్కువగా చెబుతారని కాదు, రాత్రి స్టడీ అవర్ కూడా వాళ్లే చూస్తారు, మేమైతే నాలుగున్నరకు బస్సెక్కుతాం. కానీ జీతం తక్కువ, భద్రత లేదు. ఇంకో ఉద్యోగం వస్తే వెళ్లిపోతారు. ఎనిమిదో తరగతి మధ్యలో లెక్కల టీచరు మారితే ఆ లోటు పదిలో బయటపడుతుంది.

హాస్టల్లో నాకు నచ్చని సంగతి గేటు. ఆరు నుంచి ఇంటర్ వరకు ఏడేళ్లు సంతకం లేకుండా గేటు దాటని పిల్ల, హైదరాబాద్‌లోనో విశాఖలోనో కాలేజీలో దిగేసరికి బ్యాంకులో ఫారం నింపడం, బస్సు మారడం, క్లాసులో అబ్బాయితో కలిసి రికార్డు రాయడం అన్నీ కొత్తే. ఊళ్లో హైస్కూలు పిల్ల ఇవన్నీ తెలియకుండానే నేర్చుకుని ఉంటుంది. ఇంటర్లో ఫస్టు వచ్చి, ఇంజినీరింగు మొదటి సెమిస్టర్లో నోరు విప్పలేక ఇంటికి వచ్చేస్తానన్న అమ్మాయిలు ఉంటారు.

గురుకులం మాటేమిటి? తెలంగాణలో ప్రవేశం ఐదో తరగతికి, 100 మార్కుల పరీక్షతో. అంటే పిల్ల నాలుగు చదువుతుండగానే నిర్ణయించుకోవాలి. ఐదు పూర్తయ్యాక ఆలోచించేవాళ్లకు ఆ బస్సు వెళ్లిపోయినట్టే, ఖాళీలుంటే తప్ప. చదువుకున్న అన్నో అక్కో ఉన్న ఇళ్ల పిల్లలకే ఈ పరీక్ష సంగతి వేళకు తెలుస్తుంది. చేరగలిగితే మాత్రం ముందుకు దారి బాగా వేసి ఉంది. గౌలిదొడ్డి లాంటి చోట జేఈఈ, నీట్‌కు ప్రత్యేక కాలేజీలున్నాయి. 2016 నుంచి అమ్మాయిలకు రెసిడెన్షియల్ డిగ్రీ కాలేజీలూ నడుస్తున్నాయి. పది, ఇంటర్, డిగ్రీ ఒకే సంస్థలో సాగడం మిగతా రెండింటిలో లేదు.

ఫీజు కట్టి ఆరు నుంచే "ఐఐటీ ఫౌండేషన్" అనే గర్ల్స్ క్యాంపస్‌ల గురించి ఎక్కువ చెప్పను. పదకొండేళ్ల పిల్లకు అంత పొద్దున్నే నిద్రలేపి చెప్పాల్సిన ఫిజిక్స్ ఏదీ లేదు.

నన్నడిగితే ఇలా చెబుతాను. పనుల కోసం వలసపోయే కుటుంబం, చూసుకునేవాళ్లు లేని ఇల్లు, బడికి దారి బాగాలేని తండా, లేదా అప్పుడే మేనమామ సంబంధం మాటలు వినిపిస్తున్న ఇల్లు అయితే రెండో ఆలోచన లేకుండా కస్తూర్బా, అదీ ఇంటర్ ఉన్నది. ఇల్లు నిలకడగా ఉండి, సైకిలు మీద వెళ్లగలిగే దూరంలో లెక్కలకూ ఇంగ్లిషుకూ టీచర్లున్న హైస్కూలు ఉంటే పిల్లను ఇంటి దగ్గరే ఉంచండి, ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ రాయించండి. నాలుగో తరగతిలోనే మేలుకున్నవాళ్లు గురుకులం రాయించండి. ఐదు చదువుతున్నవాళ్లు కేంద్రం నడిపే హాస్టల్ స్కూలు నవోదయ పరీక్ష కూడా రాయించండి, అది ఒక్కసారే రాయనిస్తారు, మూడో వంతు సీట్లు అమ్మాయిలకే. అక్కడ అబ్బాయిలూ ఉంటారని వెనకాడే తండ్రులు ఒకసారి ఆ స్కూలు చూసి వస్తే మంచిది.

ఏ హాస్టలైనా చేర్చే ముందు పగలు కాకుండా సాయంత్రం ఆరు తర్వాత వెళ్లండి. ఎంతమందికి ఎన్ని బాత్రూములు, నీళ్లు వస్తున్నాయా, రాత్రి జ్వరమొస్తే నర్సు (ఏఎన్ఎం) ఉంటుందా అడగండి. ఆఫీసు గదిలో అడిగితే అన్నీ బాగున్నాయంటారు. పదో తరగతి పిల్లల్ని పక్కకు పిలిచి, కిందటేడు పాసైన అక్కలు ఇప్పుడు ఎక్కడున్నారో ఒక్కొక్క పేరూ చెప్పమనండి.