ఆక్టావియా ఆర్‌ఎస్‌లో ఐఎస్38 టర్బో: నాలుగు వేసవుల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తాను. నా కారులో పెద్ద టర్బో (ఇంజన్ వదిలే పొగతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని నెట్టే పరికరం) పెట్టించినందుకు నాకు సంతోషంగానే ఉంది. కానీ ఆ సంతోషంలో టర్బో వాటా సగం కూడా ఉండదు. కారు ఇవాళ్టికీ నమ్మకంగా నడుస్తోందంటే అందుకు మన ఎండకు, మన బంకుల్లో దొరికే పెట్రోలుకు తగ్గట్టు ఓపికగా చేసిన ట్యూనింగే, అంటే ఇంజన్ కంప్యూటర్‌లోని లెక్కలను సర్దడమే కారణం. టర్బో డబ్బుతో వస్తుంది. మంచి ట్యూనింగ్ మాత్రం కుదురుగా కూర్చుని చేయించుకోవాలి.

నాది 2017లో మన దేశానికి వచ్చిన స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్. 1984 సీసీ టీఎస్‌ఐ పెట్రోలు ఇంజన్, 230 హార్స్‌పవర్, 350 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం), డీఎస్‌జీ అనే ఆరు గేర్ల, రెండు క్లచ్చుల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. శక్తి అంతా ముందు చక్రాలకే వెళుతుంది. ఈ ఇంజన్ ఫోక్స్‌వ్యాగన్ వారి ఈఏ888 కుటుంబంలో మూడో తరానిది. గోల్ఫ్ జీటీఐలోనూ ఇదే ఇంజన్, ఐహెచ్‌ఐ తయారుచేసిన ఇదే ఐఎస్20 టర్బో. గోల్ఫ్ ఆర్‌లో మాత్రం అదే కంపెనీ తయారుచేసిన ఐఎస్38 అనే పెద్ద టర్బో ఉంటుంది. ఈ తరం ఇంజన్లలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను పోగుచేసే భాగం) సిలిండర్ హెడ్‌లోనే కలిసిపోయి ఉండటంతో టర్బోను నేరుగా హెడ్‌కే బిగిస్తారు. రెండు టర్బోల బోల్టుల స్థానాలు ఒకటే. అందువల్ల ఎక్కడా కోయడం, వెల్డింగ్ చేయడం లేకుండా ఐఎస్20 తీసిన చోటే ఐఎస్38 కూర్చుంటుంది. ప్రపంచమంతటా ఈ మార్పు ఇంత ప్రచారంలోకి రావడానికి కారణం ఇదే.

వారంటీ ముగిసే వరకు కారును కంపెనీ ఇచ్చినట్టే నడిపాను. ఆ తర్వాత పాత టర్బోతోనే మొదటి స్థాయి ట్యూన్ (భాగాలేవీ మార్చకుండా కంప్యూటర్ ఫైలు మాత్రమే మార్చడం) వేయించి చాలాకాలం వాడాను. కాబట్టి మూడు దశలూ నాకు తెలుసు. పాత టర్బోతో ట్యూన్ చేసిన కారు ఊళ్లో అద్భుతంగా ఉండేది. ఇంజన్ వేగం రెండు వేల ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాటగానే అందుకునేది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఆ మాత్రం చాలు, ఇంకేమీ అక్కర్లేదు. ఇబ్బంది పైన ఉండేది. 5500 దాటాక ఊపిరి చాలేది కాదు. చిన్న కంప్రెసర్ చక్రం దాని శక్తికి మించి తిరిగితే గాలిని నెట్టడం కంటే వేడెక్కించడమే ఎక్కువ చేస్తుంది. పైగా హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల కంటే ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి కొంత పలచన. తీరప్రాంతంలో ఇచ్చే బూస్ట్‌నే (ఇంజన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) ఇక్కడా ఇవ్వాలంటే టర్బో మరింత వేగంగా తిరగాలి. రోహిణి కార్తెలో ఈ రెండూ కలిస్తే కారు ఒక గేరు తక్కువైనట్టు నడిచేది.

ఐఎస్38 వచ్చాక పరిస్థితి తలకిందులైంది. ఇప్పుడు అసలు బలం మూడు వేల ఆర్‌పీఎం దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి 6500 దాకా ఎక్కడా తగ్గదు. నాలుగో గేరులో లారీని దాటేటప్పుడు తేడా స్పష్టంగా తెలుస్తుంది. శ్రీశైలం వెళ్లే రెండు వరసల రోడ్డు మీద ఎదురుగా ఖాళీ దొరికిన కాసేపట్లోనే దాటేసి మళ్లీ మన వరసలోకి వచ్చేయవచ్చు. ఎదురు వరసలో గడిపే సమయం తగ్గింది. ఈ మార్పు వల్ల నాకు నిజంగా ఒరిగిన మేలు అదే.

పోగొట్టుకున్నదీ ఉంది. 1800, 2500 మధ్య కారు మునుపటి కంటే నిదానం. సిగ్నల్ దగ్గర స్పీడ్ బ్రేకర్ దాటి కాలు నొక్కితే ఒక క్షణం ఏమీ జరగదు, ఆ తర్వాత ఒక్కసారిగా తోస్తుంది. ట్యూనింగ్‌తో ఈ జాప్యాన్ని తగ్గించవచ్చు గానీ పూర్తిగా పోగొట్టలేం. టర్బోలోని పెద్ద చక్రానికి బరువు ఎక్కువ, దాన్ని తిప్పడానికి ఎగ్జాస్ట్ గాలి ఎక్కువ కావాలి. కారును నూటికి తొంభై పాళ్లు ఊళ్లోనే నడిపేవారు పాత టర్బో ఉంచుకుని మొదటి స్థాయి ట్యూన్‌తో ఆగిపోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇక ట్యూనింగ్. మొదట మాట్లాడిన రోజునే ట్యూనర్ "సార్, 500 టార్క్ సులువుగా ఇవ్వగలను. కావాలంటే ఇంకా పైకి వెళ్దాం" అన్నారు. నేను వద్దన్నాను. 3500 ఆర్‌పీఎం లోపు 400 దాటనివ్వొద్దు, పైన కూడా 440 దగ్గర ఆపండి అని అడిగాను. తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ బూస్ట్ ఇస్తే సిలిండర్‌లో ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్లు వంగేది ఆ ఒత్తిడికే. స్పార్క్ పడకముందే మిశ్రమం దానంతటదే మండిపోయే ప్రమాదం కూడా నేరుగా పెట్రోలు చిమ్మే ఇంజన్లలో అక్కడే ఎక్కువ. హార్స్‌పవర్ టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. అదే హార్స్‌పవర్‌ను తక్కువ టార్క్‌తో, ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర తీసుకుంటే రాడ్లకూ గేర్‌బాక్స్‌కూ భారం తగ్గుతుంది. పెద్ద టర్బో పెట్టించుకునేదే అందుకు. దాన్ని తెచ్చి కిందే పిండేయడంలో అర్థం లేదు.

ఆయన విన్నారు. మేము చేసిన పనిలో ఒక భాగం వివరంగా చెబుతాను. మొదటి ఫైలు వేశాక డైనో (కారును నిలిపి చక్రాల శక్తిని కొలిచే యంత్రం) మీద మూడో గేరులో లాగిస్తూ, కారులోని ఓబీడీ అనే పరీక్షా పోర్టు ద్వారా ఇంజన్ కంప్యూటర్ నుంచి అంకెలు తీశాం. నేను ముఖ్యంగా చూసేవి మూడు: ఒక్కో సిలిండర్‌లో ఇగ్నిషన్ ఎన్ని డిగ్రీలు వెనక్కి వెళ్తోంది, ఇంటేక్ మానిఫోల్డ్‌లోకి (సిలిండర్లకు గాలి పంచే భాగం) వెళ్లే గాలి వేడి ఎంత, ఇంధన రైలులో (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం) ఒత్తిడి ఎంత. మిశ్రమం అదుపు తప్పి మండితే వచ్చే కొట్టుకునే చప్పుడే నాకింగ్. సెన్సర్‌కు అది వినిపించగానే కంప్యూటర్ ఆ సిలిండర్‌కు స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. రెండు మూడు డిగ్రీల ఆలస్యం మామూలే. మాకు 5000 దగ్గర మూడో సిలిండర్‌లో ఆరు డిగ్రీలు కనిపించింది. అదే పరుగులో రైలు ఒత్తిడి, 200 బార్ ఉండవలసింది, 6000 దాటాక జారడం మొదలైంది. అంటే పంపు అందించగల పెట్రోలు కంటే ఇంజన్ ఎక్కువ అడుగుతోంది. డైనో కాగితం మీద మాత్రం గ్రాఫు ఎంతో అందంగా ఉంది. ఆ గ్రాఫుతోనే ఇంటికి వెళ్లి ఉంటే ఏ మే నెలలోనో పిస్టన్ పగిలేది. ట్యూనర్ పై ఆర్‌పీఎంలో బూస్ట్ కొంచెం దించి, ఇగ్నిషన్ సర్ది, స్పార్క్ ప్లగ్గుల గ్యాపు 0.65 మిల్లీమీటర్లకు తగ్గించి మళ్లీ లాగించారు. ఆలస్యం రెండు డిగ్రీలకు వచ్చింది, రైలు ఒత్తిడి నిలబడింది. పోయిన హార్స్‌పవర్ చెప్పుకోదగినది కాదు. చివరికి డైనో మీద చక్రాల దగ్గర 300 పైచిలుకు హార్స్‌పవర్ వచ్చింది. ట్యూన్ చేయించే ప్రతి ఒక్కరూ ఈ మూడు అంకెలు చూపించమని అడగాలి. చూపించలేనివారి దగ్గర కారు పెట్టకండి.

పెట్రోలు సంగతికి వస్తే, 95 ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణానికి కొలత) ఉన్న ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ95 నా రోజువారీ ఇంధనం. దానికి ఒక ఫైలు, 100 ఆక్టేన్ ఎక్స్‌పీ100కు మరో ఫైలు చేయించాను. ఎక్స్‌పీ100 అన్ని బంకుల్లో దొరకదు, ధర గుండె గుభేలుమనిపిస్తుంది. దూర ప్రయాణంలో దాని మీద ఆధారపడటం కుదరని పని. సూర్యాపేట దాటాక ఏది దొరికితే అదే పోయించుకోవాలి. కాబట్టి మూల ఫైలు 95కే ఉండాలి, 100 అనేది అదనపు సుఖం. మామూలు పెట్రోలులో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ నాకింగ్‌ను ఆపుతుంది గానీ లీటరుకు ఇచ్చే శక్తి తక్కువ, అంటే పంపు మరింత పెట్రోలు అందించాలి. పాత ఫైళ్లతో నడుపుతున్నవారు ఒకసారి రైలు ఒత్తిడి మళ్లీ చూపించుకోవడం మంచిది. ఊళ్లో నాకు లీటరుకు ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు, విజయవాడ హైవే మీద నిదానంగా వెళితే పదమూడు వస్తున్నాయి. ట్యూనింగ్‌కు ముందుతో పోలిస్తే హైవే మైలేజీ దాదాపు మారలేదు.

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చిన భాగం ఇంటర్‌కూలర్, అంటే టర్బో నుంచి వచ్చే వేడి గాలిని ఇంజన్‌లోకి వెళ్లేముందు చల్లబరిచేది. కంపెనీ ఇచ్చింది ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఇరుక్కుని ఉంటుంది. బయట 42 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం, ఏసీ నడుస్తూ ట్రాఫిక్‌లో అరగంట నిలబడ్డాక, మానిఫోల్డ్‌లోకి వెళ్లే గాలి 70 డిగ్రీలు దాటడం నేను స్క్రీను మీద చూశాను. అప్పుడు కంప్యూటర్ తనను తాను కాపాడుకోవడానికి శక్తి తగ్గించేస్తుంది. మందమైన అల్యూమినియం ఇంటర్‌కూలర్ పెట్టించాక కారు కదలగానే ఆ వేడి బయటి ఉష్ణోగ్రతకు పదిహేను డిగ్రీల లోపుకు దిగుతోంది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై సర్క్యూట్‌కు తీసుకెళ్లినప్పుడు వరుస ల్యాపుల్లోనూ శక్తి పడిపోలేదు. డబ్బు ఒక్క భాగానికే ఉందంటే టర్బో కాదు, ఇది కొనండి.

గేర్‌బాక్స్ గురించి భయపడాల్సినంత లేదు. నాది నూనెలో మునిగి ఉండే క్లచ్చుల డీక్యూ250. కంపెనీ లెక్క ప్రకారం దాని పరిమితి 350 న్యూటన్ మీటర్లే. అయినా గేర్‌బాక్స్‌కు విడిగా ట్యూన్ చేసి క్లచ్చుల మీద ఒత్తిడి పెంచితే 440ను నిబ్బరంగా మోస్తోంది. 60,000 కిలోమీటర్లకు మార్చమన్న గేర్ ఆయిల్‌ను నేను 30,000కే మారుస్తాను. ఆక్టావియా 1.8 టీఎస్‌ఐ ఉన్నవారికి మాత్రం ఒక హెచ్చరిక. మీది పొడి క్లచ్చుల ఏడు గేర్ల డీక్యూ200. దాని పరిమితి 250. నా కారు చూసి మీరు ఇదే పని చేయించుకోకండి.

ముందు చక్రాలకు ఇంత శక్తి ఎక్కువే. మొదటి రెండు గేర్లలో టార్క్ తగ్గించి ఇవ్వమని ఫైలులోనే రాయించాను. అయినా తొలకరి చినుకులు పడ్డ రోడ్డు మీద టైర్లు జారతాయి. మంచి టైర్లు, ఇంజన్ ఊగకుండా పట్టే కింది మౌంట్‌కు గట్టి బుష్, మెరుగైన బ్రేక్ ప్యాడ్లు తప్పవు. నాన్నగారిని ఊరికి తీసుకెళ్లినప్పుడు ఆయన కారులో ఏ మార్పూ గమనించలేదు, హాయిగా నిద్రపోయారు. నా ట్యూనర్‌కు అంతకంటే మంచి యోగ్యతాపత్రం నేనివ్వలేను.

ఈ టర్బోతో 40,000 కిలోమీటర్లు దాటాయి. మొదటి విడతల ఐఎస్38లు బేరింగులు పోయి విరిగిపోవడం అందరికీ తెలిసిన సంగతే. అందుకే తర్వాతి రూపాన్ని, కొత్తదాన్నే తీసుకున్నాను. పాతది బాగుచేయించి అమ్మేవారి జోలికి పోలేదు. బిగించిన షెడ్డులో ఆయిల్ వెనక్కి వచ్చే గొట్టం దగ్గర పాత గ్యాస్కెట్‌నే వాడేశారు. కొన్నాళ్లకు ఇంజన్ వెనుక కాలిన నూనె వాసన వచ్చింది, వంద రూపాయల వస్తువు కోసం సగం ముందుభాగం విప్పాల్సి వచ్చింది. ఇంజన్ ఆయిల్ 7,500 కిలోమీటర్లకు, ప్లగ్గులు 20,000కు మారుస్తాను. ఇంజన్ ఆపాక కూడా చిన్న విద్యుత్ పంపు కూలెంట్‌ను తిప్పుతూ టర్బోను చల్లబరుస్తుంది. అయినా హైవే దిగాక చివరి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా నడపడం నాకు అలవాటు.

చట్టం సంగతి సూటిగా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు శిక్ష గానీ, రెండూ గానీ పడవచ్చు. కేటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) లేని ఎగ్జాస్ట్ పైపు పెట్టమని సలహా ఇచ్చినవారు చాలామంది. నేను ఒప్పుకోలేదు. పది హార్స్‌పవర్ కోసం వెనకాల స్కూటర్ మీద పిల్లలతో వచ్చేవారి ముఖాన విషం చిమ్మే హక్కు నాకు లేదు. బీమా కంపెనీకి మార్పుల వివరాలు రాతపూర్వకంగా ఇచ్చాను. ప్రమాదం జరిగితే క్లెయిమ్‌పై పేచీ పెట్టవచ్చని తెలిసే నడుపుతున్నాను. ఈ భారం మోయలేనివారు ఈ పనికి దిగకూడదు.

మొత్తం ఖర్చు ఐదు లక్షలకు కాస్త అటూ ఇటూ. అందులో టర్బో మూడో వంతు, మిగతాది ఇంటర్‌కూలర్, ఎగ్జాస్ట్ పైపు, రెండు ట్యూన్లు, టైర్లు, మజూరీ. మళ్లీ చేయించాల్సి వస్తే ఇంటర్‌కూలర్, టైర్లు, బ్రేకులు ముందు, వాటితో ఒక వేసవి నడిపి చూసి ఆ తర్వాతే టర్బో. పాత ఐఎస్20ని, కంపెనీ ఫైలును అమ్మకుండా దాచాను. కారు చేతులు మారే రోజున రెండూ తిరిగి బిగించి, చేసిన మార్పులన్నీ రాసిన కాగితంతో సహా కొనేవారికి అప్పగిస్తాను.