పాత సీ10లో 5.3 ఇంజను: స్టాండలోన్ హార్నెస్ మీద నా అభిప్రాయం

1971 నాటి షెవర్లే సీ10 పికప్‌లోంచి 350 ఘనపు అంగుళాల కార్బ్యురేటర్ ఇంజనును దించి, 2002 షెవర్లే సిల్వరాడో పికప్ నుంచి తీసిన 5.3 లీటర్ల ఎల్ఎమ్7 ఇంజనును, దానితో జతగా వచ్చిన 4ఎల్60ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్సుతో సహా ఎక్కించాను. అయితే ఇక్కడ నేను సమీక్షిస్తున్నది ఆ ఇంజనును కాదు, దాన్ని ఆ బండిలో నడిపించడానికి కొన్న స్టాండలోన్ వైరింగ్ హార్నెస్‌ను, అంటే బండి పాత వైరింగు మీద దాదాపు ఆధారపడకుండా ఇంజనును, దాని కంప్యూటరును సొంతంగా కలిపే వైర్ల కట్టను. దీన్ని ఇలాంటి మార్పిళ్ల కోసమే హార్నెస్‌లు అల్లే ఒక చిన్న సంస్థ నుంచి తెప్పించుకున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇంజను మీద పరుచుకునే భాగం వరకు దీని పనితనం ఫ్యాక్టరీ హార్నెస్‌కు ఏమాత్రం తీసిపోదు. పాత బండి వైరింగుతో కలవాల్సిన నాలుగైదు వైర్ల దగ్గర మాత్రం తయారీదారు కొన్నవాడిని దాదాపు అతని మానాన వదిలేశాడు.

అసలు విడిగా హార్నెస్ కొనాల్సిన అవసరం ఏమిటని చాలామంది అడుగుతారు, ఎందుకంటే సిల్వరాడో నుంచి ఇంజనుతోపాటు దాని సొంత హార్నెస్ కూడా వస్తుంది. అందులో అనవసరమైన వైర్లను తీసేసి, కావాల్సినవి మాత్రం ఉంచుకుని వాడేవాళ్లు ఉన్నారు, ఆ దారి తప్పేమీ కాదు. నేను కూడా మొదట అదే ప్రయత్నించి, రెండు వారాంతాలు దాన్ని బల్ల మీద పరిచి, టేపు విప్పి, ఒక్కొక్క వైరు ఎక్కడికి పోతుందో రాసుకున్నాను. ఈ ఇంజను కంప్యూటరుకు నీలం, ఎరుపు రంగుల్లో రెండు కనెక్టర్లు ఉంటాయి, ఒక్కొక్కదానికి 80 పిన్నులు. వాటి నుంచి బయలుదేరే వైర్లలో కొన్ని ఏసీకి, కొన్ని డాష్‌బోర్డు మీటర్లకు, కొన్ని వెనక ఆక్సిజన్ సెన్సార్లకు, కొన్ని పెట్రోలు ఆవిరిని పట్టే వ్యవస్థకు పోతాయి. వాటిని ఏరి తీసేయడం కష్టమేమీ కాదు, ఓపిక ఉంటే చాలు. నన్ను ఆపింది వాటి వయసు: ఎగ్జాస్ట్ దగ్గర ఏళ్ల తరబడి వేడికి కాలిన ఇన్సులేషన్ వేలితో వంచితే చిట్లుతోంది, ఇంజెక్టర్ కనెక్టర్ల లాకులు ముట్టుకుంటేనే విరిగిపోతున్నాయి. యాభై ఏళ్ల బండిని నమ్మకంగా నడపాలన్న ఉద్దేశంతో మొదలుపెట్టిన పనిలో ఇరవై ఏళ్ల నాటి పెళుసు వైర్లను మళ్లీ పెట్టడం నాకు మనస్కరించలేదు.

కొత్త హార్నెస్ పెట్టె తెరవగానే నాకు నచ్చింది వైరు రకం. చౌక హార్నెస్‌లలో కనిపించే మామూలు పీవీసీ పూత కాకుండా, 125 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకునే టీఎక్స్ఎల్ వైరు వాడారు. పూత పలచగా ఉండడం వల్ల కట్ట మొత్తం సన్నగా, మెత్తగా ఉండి ఇన్‌టేక్ (ఇంజనులోకి గాలి పంపే భాగం) కిందుగా సులువుగా ఒదిగింది. ప్రతి వైరు మీద అది ఎక్కడికి పోవాలో కొన్ని అంగుళాలకొకసారి అచ్చువేసి ఉంది. నాక్ సెన్సార్ల (సిలిండర్లలో ఇంధనం అదుపు తప్పి మండితే పసిగట్టేవి) వైర్లకు రేకు కవచం చుట్టి, ఆ కవచాన్ని కంప్యూటర్ వైపు మాత్రమే ఎర్త్ చేశారు. ఒక కాయిల్ కనెక్టరును వెనకనుంచి విప్పి భూతద్దంతో చూశాను: టెర్మినల్ రెక్కలు రాగి పోగులను ఒక జత, ఇన్సులేషన్‌ను మరో జత విడివిడిగా పట్టుకుని ఉన్నాయి, ఒక్క పోగు కూడా బయట మిగల్లేదు. ఎనిమిది సిలిండర్లకు ఎనిమిది కాయిల్స్ ఉండే ఈ ఇంజనులో ఒక్క క్రింపు (టెర్మినల్ వైరును నొక్కి పట్టుకునే చోటు) వదులైనా మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) మొదలవుతుంది, అదీ వేడెక్కినప్పుడు మాత్రమే కనిపించి చల్లారాక మాయమై మనిషిని సతాయిస్తుంది. ఆ భయం ఈ హార్నెస్‌తో నాకు లేదు.

కొలతలు దాదాపు అన్నీ సరిపోయాయి. బ్లాకు వెనక భాగంలో స్టార్టర్ మోటారు దగ్గర ఉండి ఇంజను ఇరుసు తిరుగుడును కంప్యూటరుకు చెప్పే క్రాంక్ సెన్సార్ వరకు, ఇన్‌టేక్ వెనక దాక్కుని ఉండే క్యామ్ సెన్సార్ వరకు వైరు లాగకుండా, వేలాడకుండా చేరింది. ఎడమవైపు ఆక్సిజన్ సెన్సార్ తీగ మాత్రం ఒక జానెడు తక్కువైంది. కంప్యూటరును గ్లవ్ బాక్సు వెనక పెట్టుకునేవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి: ఆ 80 పిన్నుల కనెక్టర్లు ఫైర్‌వాల్‌కు (ఇంజనుకు, క్యాబుకు మధ్య గోడకు) ఉన్న పాత రంధ్రాల్లోంచి దూరవు. పెద్ద రంధ్రం కోసి, అంచులకు రంగు వేసి, వైర్లు ఒరుసుకోకుండా రబ్బరు గ్రోమెట్ (రంధ్రానికి తొడిగే వలయం) బిగించడం తప్పదు. ఆ గ్రోమెట్ పెట్టెలోనే ఇచ్చారు, అది చిన్న విషయమే కానీ మెచ్చుకోదగ్గది.

ఇక అసలు ఇబ్బంది దగ్గరికి వస్తాను. ఈ హార్నెస్‌కు బండి నుంచి కావాల్సింది ప్రధానంగా రెండే: బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, తాళం తిప్పినప్పుడు వచ్చే 12 వోల్టులు. రెండోది గులాబీ రంగు వైరు. దానితో వచ్చిన కాగితంలో ఆ వైరు గురించి రాసింది ఒకే ఒక్క వాక్యం: తాళం ఆన్ చేసినప్పుడు కరెంటు వచ్చే ఏదైనా వైరుకు కలపండి. నేను మల్టీమీటరుతో వెతికి, హీటరు ఫ్యూజు దగ్గర 12.4 వోల్టులు కనిపించగానే అక్కడ కలిపాను. సెల్ఫ్ కొడితే ఇంజను చక్కగా తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు, తాళం వదిలిన ఆ క్షణంలో మాత్రం ఒక్కసారి పట్టుకున్నట్టు దగ్గి ఆగిపోతోంది. మొదట దొంగతనం నిరోధక వ్యవస్థ అనుకున్నాను, కానీ అదే కారణమైతే ఇంజను స్టార్టయి రెండు క్షణాలు నడిచి ఆగిపోవాలి, పైగా కంప్యూటరు ప్రోగ్రాములో దాన్ని ముందే తీయించాను. స్కాన్ టూలు తగిలించి సెల్ఫ్ కొడితే దానికి కంప్యూటరుతో సంబంధమే తెగిపోతోంది. అప్పుడు గులాబీ వైరు మీద మీటరు పెట్టి, ఇంకొకరిని తాళం తిప్పమన్నాను: ఆన్‌లో 12.4, సెల్ఫ్ కొడుతున్నప్పుడు సున్నా.

కారణం పాత బండ్లు ఎరిగినవాళ్లకు తెలిసిందే. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ శక్తి అంతా స్టార్టరుకే దక్కాలని, హీటరు, రేడియో లాంటి వాటికి తాళం ఆ స్థానంలో కరెంటు ఆపేస్తుంది. కార్బ్యురేటర్ ఇంజనుకు దానితో నష్టం లేదు. ఇంజెక్షన్ ఇంజనుకు మాత్రం కంప్యూటరు, ఇంజెక్టర్లు, కాయిల్స్ అన్నీ సరిగ్గా ఆ క్షణంలోనే మేలుకుని ఉండాలి. ఇంకొందరు పాత ఇగ్నిషన్ కాయిల్‌కు వెళ్లిన వైరే సరైనదనుకుని దానికి కలుపుతారు, అది ఇంకా మోసకారి. ఈ బండ్లలో కాంటాక్ట్ పాయింట్లు (కాయిల్ కరెంటును కలిపి తెంచే కొనలు) త్వరగా కాలిపోకుండా ఆ వైరునే రెసిస్టెన్స్ తీగగా చేశారు. భారం లేనప్పుడు మీటరు పెడితే పూర్తి వోల్టేజీ చూపిస్తుంది, కంప్యూటరూ కాయిల్సూ లాగడం మొదలుపెట్టగానే పడిపోతుంది. సరైన పద్ధతి ఇగ్నిషన్ స్విచ్చిలో ఆన్‌లోనూ సెల్ఫ్‌లోనూ కరెంటు ఉండే టెర్మినల్ నుంచి నేరుగా కొత్త వైరు తీసుకుని, దానితో ఒక రిలేను (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చిని) మాత్రమే నడిపించి, భారమంతా ఆ రిలే ద్వారా బ్యాటరీ నుంచే ఇవ్వడం. రిలే హార్నెస్‌లో ఉంది, చెప్పవలసిన ఆ నాలుగు వాక్యాలే కాగితంలో లేవు. ఇంత శ్రద్ధగా క్రింపులు వేసిన మనిషి ఆ నాలుగు వాక్యాలు రాయకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది, ఎందుకంటే దీనికోసం నాకు మూడు సాయంత్రాలు పట్టింది, కొత్తవాళ్లయితే మంచి క్రాంక్ సెన్సార్‌ను అనుమానించి మార్చేస్తారు.

ఎర్త్ విషయంలోనూ ఇదే తీరు. రెండు నల్ల వైర్లను సిలిండర్ హెడ్ల వెనక బిగించమన్నారు, అంతవరకు సరే. కానీ హెడ్ నుంచి ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి క్యాబుకు, ఇంజను నుంచి బ్యాటరీ నెగటివ్‌కు మందపాటి పట్టీలు లేకపోతే ఆ రెండు వైర్ల వల్ల ఉపయోగం లేదు. పాత పట్టీలు తుప్పు పట్టి ఉంటాయి, కొత్త రంగు వేసిన ఛాసిస్ మీద బోల్టు బిగిస్తే అది రంగునే పట్టుకుంటుంది. రంగు గీకి, లోహం మెరిసేదాకా రుద్ది బిగించిన తర్వాత, సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ నెగటివ్‌కు, హెడ్‌కు మధ్య వోల్టేజీ చూశాను. అంతకుముందు 0.6 ఉన్నది 0.1కి దిగింది. ఎవరు ఈ పని చేసినా 0.2 దాటనివ్వవద్దు.

పెట్రోలు పంపుకు హార్నెస్ ఇచ్చే వైరు సన్నగా ఉంది. ఈ ఇంజెక్షన్‌కు దాదాపు 58 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) ఒత్తిడి కావాలి, కార్బ్యురేటరుకు ఆరేడు సరిపోయేది. అంత ఒత్తిడి నిలబెట్టే పంపు బాగానే కరెంటు లాగుతుంది. 1971 సీ10లో పెట్రోలు ట్యాంకు క్యాబులోనే సీటు వెనక ఉంటుంది, నేను దాన్ని తీసేసి బెడ్ కింద పంపు లోపలే ఉండే కొత్త ట్యాంకు పెట్టాను. అంత దూరం వెళ్లేసరికి పంపు దగ్గర 1.5 వోల్టులకు పైగా తగ్గింది, రిలే నుంచి 12 గేజి వైరు విడిగా లాగితే సర్దుకుంది. రబ్బరు గొట్టాల గురించి ఒక మాట కూడా చెప్పాలి, ఇది హార్నెస్‌కు సంబంధం లేకపోయినా ప్రాణానికి సంబంధించింది: కార్బ్యురేటర్ గొట్టాన్ని ఈ ఒత్తిడికి వాడకూడదు. జే30ఆర్9 అని అచ్చువేసిన ఇంజెక్షన్ గొట్టం, దానికి తగిన క్లాంపులు వాడాలి.

ఫ్యాను రిలే, చెక్ ఇంజను లైటు, స్కాన్ సాకెట్ తగిలించగానే పనిచేశాయి. ఈ కంప్యూటరు నాలుగు సిలిండర్ల ఇంజనుకు తగ్గ సంకేతమే ఇస్తుంది కాబట్టి, ఇంజను వేగం చూపే టాకోమీటరును 4 సిలిండర్లకు మార్చుకోవాలి, లేకపోతే సగం ఆర్‌పీఎమ్మే చూపిస్తుంది.

తయారీదారుకు నేను రాసిన ఉత్తరానికి రెండు రోజుల్లో జవాబు వచ్చింది. ఆక్సిజన్ సెన్సార్‌కు పొడిగింపు తీగ ఉచితంగా పంపారు. గులాబీ వైరు విషయం మాత్రం తమ కాగితంలో ఉందనే అన్నారు. ఒక వాక్యం ఉందన్నది నిజమే.

ఇప్పటికి ఏడు నెలలు, వానలోనూ మండుటెండలోనూ తిరిగాను. కంప్యూటరులో ఒక్క లోపం కోడ్ కూడా నమోదు కాలేదు, చల్లటి ఉదయం కూడా మొదటి తిప్పుకే అందుకుంటోంది. గేర్లు కూడా అదే హార్నెస్ ద్వారా, అదే కంప్యూటరు ఆజ్ఞతో మెత్తగా మారుతున్నాయి. వైరింగ్ బొమ్మ చదవగలిగి, చేతిలో మల్టీమీటరు ఉన్నవాళ్లకు దీన్ని సంకోచం లేకుండా సిఫారసు చేస్తాను. బొమ్మ చదవడం రానివాళ్లు మాత్రం ఇగ్నిషన్ స్విచ్చి పని తెలిసిన మనిషిని ఆ ఒక్క రోజుకైనా పక్కన పెట్టుకోవాలి. ఆర్డరు చేసేటప్పుడు ఇంజెక్టర్ కనెక్టర్ ఏ రకమో, థ్రాటిల్ కేబుల్‌దా ఎలక్ట్రానిక్‌దా, కంప్యూటరును ఎక్కడ పెడుతున్నారో, పంపు ట్యాంకులో ఉందా బయట ఉందా అన్నవి రాసి పంపండి. ఎడమవైపు ఆక్సిజన్ సెన్సార్ తీగను ఒక అడుగు పొడవు ఎక్కువ అడగండి.