పిగ్మెంట్ డిజిటల్ ప్రింటర్: ఐదేళ్ళు వాడాక

మెషిన్ అమ్మడానికి వచ్చినాయన మొదటి రోజే అన్న మాట: "చుక్క నీళ్ళు అక్కర్లేదండీ." ఐదేళ్ళు దాటింది. ఆ మాటలో సగం నిజముంది. మిగతా సగం అమ్మేవాళ్ళు ఎప్పుడూ చెప్పేదే. ఏ సగం ఏదో తేల్చుకోవడానికి మాకు రెండేళ్ళు పట్టింది. కొనాలని చూస్తున్నవాళ్ళకు ఆ టైమ్ కలిసొస్తుందని రాస్తున్నాను. మెషిన్ పేరు రాయడం లేదు, నేను చెప్పేదాంట్లో ఎక్కువ భాగం ఏ కంపెనీ మెషిన్‌కైనా వర్తిస్తుంది. మాది చిన్న యూనిట్. అంతకు ముందు కాటన్ మీద రియాక్టివ్ రంగులతో స్క్రీన్ ప్రింటింగ్ మాత్రమే చేసేవాళ్ళం.

ఆ పాత పద్ధతి గురించి చెప్పకపోతే, కొత్తదానికి ఎందుకు అంత ఆశపడ్డామో అర్థం కాదు. రియాక్టివ్ రంగు కాటన్ పోగుతో రసాయనికంగా కలిసిపోతుంది. ఆ నిగనిగ, ఆ గట్టిదనం అందువల్లే. చిక్కేమిటంటే అది నీళ్ళతో కూడా కలుస్తుంది. అలా నీళ్ళతో కలిసిన రంగు ఇక బట్టకు పట్టదు, ఊరికే పైన అంటిపెట్టుకుని ఉంటుంది. రంగును బట్టి, ఆవిరి పట్టిన తీరును బట్టి, వేసినదాంట్లో పదో వంతు నుంచి మూడో వంతు దాకా ఇలా మిగిలిపోవచ్చు. దాన్ని వదలగొట్టకుండా పంపితే, కొన్నవాళ్ళ ఇంట్లో మొదటి ఉతుకులోనే తెల్ల భాగమంతా మరకలు. అందుకని చల్లనీళ్ళు, వేడినీళ్ళు, సలసల కాగే సబ్బునీళ్ళు, మళ్ళీ వేడి, మళ్ళీ చల్లన. రంగుతో పాటు పేస్ట్ చిక్కదనానికి వేసిన ఆల్జినేట్, తేమ నిలవడానికి వేసిన యూరియా కూడా ఆ నీళ్ళలోకే. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. పొలంలో పైరుకు పనికొచ్చే ఎరువు, చెరువులో నాచుకు పనికొస్తుంది.

టర్కాయిస్ నీలం ఉన్న డిజైన్ వచ్చిందంటే ఉతికేవాళ్ళు మొహాలు మాడ్చుకునేవాళ్ళు. ఆ రంగు బట్టకు పట్టేది తక్కువ, పట్టనిది వదిలేది కూడా ఒక పట్టాన కాదు. ఆరో తొట్టిలోనూ నీళ్ళు నీలంగానే ఉండేవి. తడి బట్ట మీద తెల్లగుడ్డ ముక్క పెట్టి ఇస్త్రీపెట్టెతో నొక్కి చూసేవాళ్ళం. గుడ్డకు నీలం అంటిందా, ఇంకో తొట్టి నింపాలి. సాయంత్రానికి ఆ గుడ్డముక్కలు ఒక తీగకు వరసగా వేలాడుతుండేవి, ముదురు నీలం నుంచి లేతనీలం దాకా. ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెడితే ఆ రోజు ఎన్ని తొట్లు పారబోశామో తెలిసిపోయేది.

పిగ్మెంట్ దారి వేరు. ఇందులో రంగు పోగు లోపలికి వెళ్ళదు, బైండర్ అనే జిగురు దాన్ని బట్ట పైనే పట్టి ఉంచుతుంది. ప్రీట్రీట్‌మెంట్ (ఇంకు నిలవడానికి ముందే పట్టించే ద్రావణం) పట్టించిన బట్ట మీద మెషిన్ ఇంకు చిమ్ముతుంది, అది ఆరాక 150–160 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు వేడి పెట్టి బైండర్‌ను గట్టిపరుస్తాం, దీన్నే క్యూరింగ్ అంటాం. అంతే పని. స్టీమర్ లేదు, తొట్లు లేవు. మొదటి ఆర్డర్ బయటికొచ్చిన రోజు మా కలర్ మాస్టరు డ్రయ్యర్ చివర నిలబడి "ఇంక ఉతకక్కర్లేదా?" అని రెండుసార్లు అడిగాడు. మా ఆరు తొట్లలో నాలుగు ఇప్పుడు ఎండిపోయి ఉన్నాయి, వాటిలో తాన్లు పెట్టుకుంటున్నాం. ఇది నిజమైన సగం.

ఇక రెండో సగం. మా దగ్గరికొచ్చే తెల్లబట్టకు అప్పటికే గంజి తీసి, ఉడకబెట్టి, బ్లీచ్ చేసి ఉంటారు. ఆ పనికి నీళ్ళు బాగానే పడతాయి. అవి మా మీటర్‌లో తిరగవు, అంతే తేడా. మన బిల్లులో లేదు కాబట్టి ఖర్చే కాలేదనుకుంటే ఎలా? ప్రీట్రీట్‌మెంట్ ట్రే, రోలర్లు, ఇంకు చిమ్మే హెడ్‌ను తుడిచే భాగాలు కడగడానికి మాక్కూడా రోజూ కొన్ని బకెట్లు కావాలి. పాత లెక్కతో పోలిస్తే అది ఏ పాటిదీ కాదు గానీ, "చుక్క" మాత్రం కాదు.

డిజిటల్ అన్న పేరు చూసి కూడా మోసపోవద్దు. అవే మెషిన్లలో రియాక్టివ్ ఇంకు కూడా వాడతారు. అప్పుడు యూరియా, సోడా పేస్ట్‌లో కలిపే బదులు ముందే బట్టకు పట్టిస్తారు. ఆ తర్వాత స్టీమింగ్, ఉతుకు షరా మామూలే. సబ్లిమేషన్ అని ఇంకోటుంది, కాగితం మీద ప్రింట్ చేసి వేడితో బట్టకు ఎక్కించడం. అందులో ఉతుకు నీళ్ళు నిజంగానే ఉండవు. కానీ అది పాలిస్టర్‌కే నప్పుతుంది, పైగా ఎన్ని మీటర్లు ప్రింట్ చేస్తే అన్ని మీటర్ల కాగితం చెత్తలోకి పోతుంది. కాబట్టి మెషిన్ పేరు కంటే ముందు అందులో పోసే ఇంకు ఏ రకమో అడగండి.

రోజువారీ బాధలకొస్తే, అన్నిటికన్నా పెద్దది నాజిల్, అంటే ఇంకు చిమ్మే సన్నటి రంధ్రం. పొద్దున రాగానే కాఫీ కంటే ముందు నాజిల్ చెక్. కాగితం మీద సన్నటి గీతలు వరసగా పడతాయి, ఎక్కడ గీత తెగితే అక్కడ నాజిల్ మూసుకుపోయినట్టు. క్లీనింగ్ కొట్టిన ప్రతిసారీ మంచి ఇంకు వేస్ట్ డబ్బాలోకి పోతుంది. మొదటి ఏడాది గాలి బాగా పొడిగా ఉన్న నెలల్లో రోజుకు నాలుగైదుసార్లు క్లీనింగ్ చేశాం. నీళ్ళు ఆదా చేస్తున్నామని మురిసిపోతూ ఇంకును పారబోస్తున్నామన్న మాట. సర్వీసుకు వచ్చిన కుర్రాడు గోడకు తేమ చూపించే మీటర్ తగిలించి వెళ్ళాడు. చూస్తే 30 దగ్గర ఉంది. ఒక హ్యుమిడిఫయర్ పెట్టి గదిలో తేమ 50 శాతానికి పైన ఉండేలా చూసుకున్నాక క్లీనింగ్ రోజుకు ఒకసారికి దిగింది. మెషిన్ అమ్మేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పలేదు, అంత మెషిన్ పక్కన ఇంత చిన్న డబ్బా గురించి ఎవరు చెప్తారు? ఆ వేస్ట్ ఇంకును కాలవలో పోయకండి. అందులోనూ బైండర్ ఉంటుంది, ఎండితే పైపు లోపల ప్లాస్టిక్ పొర కడుతుంది. మేము విడిగా డబ్బాల్లో పట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్ళకు ఇస్తున్నాం.

మేము తిన్న పెద్ద దెబ్బ రెండో ఏడాది. నల్ల ప్రింట్ ఉన్న బట్ట కుట్టు యూనిట్‌కు వెళ్ళింది, మూడు వారాలకు ఫోన్ వచ్చింది. వేసుకున్నవాళ్ళ తెల్ల హ్యాండ్‌బ్యాగులకు నలుపు అంటుకుంటోందట. ఆ రోజు టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ముందు ఇంకు మీద అనుమానపడ్డాం, తర్వాత ప్రీట్రీట్‌మెంట్ మీద. చివరికి వేడికి రంగు మారే స్టిక్కర్ల పట్టీలు తెచ్చి బట్టకే అంటించి డ్రయ్యర్‌లోకి పంపాం. డయల్ మీద 160 చూపిస్తోంది, బట్ట అంచు దగ్గర 140 కూడా దాటలేదు. క్యూరింగ్ సరిగా కాకపోతే బైండర్ గట్టిపడదు, గట్టిపడకపోతే రంగు నిలవదు. అంత బట్టా వెనక్కి తీసుకున్నాం. మళ్ళీ క్యూరింగ్ చేస్తే కొంత దక్కింది, మిగతాది తుడుచుకునే గుడ్డలకే. నన్నడిగితే పర్యావరణానికి అన్నిటికన్నా చెడ్డ ప్రింట్ ఇదే: పత్తి, నీళ్ళు, కరెంటు, రంగు అన్నీ ఖర్చయ్యాక ఎవరూ వేసుకోని బట్ట. అప్పటి నుంచి ప్రతి సోమవారం పట్టీలతో మూడు చోట్ల కొలుస్తాం, ఎడమ అంచు, మధ్య, కుడి అంచు.

సరిగా క్యూరింగ్ అయినా, రాపిడిలో పిగ్మెంట్‌కు ఒక హద్దుంది. ఐఎస్ఓ 105-ఎక్స్12 అని రాపిడి పరీక్ష ఉంది. తెల్లగుడ్డతో పొడిగా ఒకసారి, తడిగా ఒకసారి రుద్ది 1 నుంచి 5 దాకా గ్రేడ్ ఇస్తారు, 5 అంటే అస్సలు అంటలేదని. మా ముదురు రంగులు పొడి రాపిడిలో 4 తెచ్చుకుంటాయి, తడి రాపిడిలో 2–3 దగ్గరే ఆగిపోతాయి. ఎండకు మాత్రం పిగ్మెంట్ గట్టిది, కర్టెన్ల ఆర్డర్లలో ఇంతవరకు ఒక్క కంప్లైంట్ లేదు. పట్టుకుంటే ముదురు ప్రింట్ కొంచెం బిరుసుగా తగులుతుంది. మొదట్లో బాగా బిరుసుగా ఉండేది, ఇంకు రకం మార్చాక తగ్గింది. రియాక్టివ్ ఇచ్చే లోతైన నలుపు, మెరిసే టర్కాయిస్ మాత్రం ఇందులో రావు. ఈ మాట కస్టమర్‌కు ముందే చెప్పేస్తున్నాం.

బైండర్ గురించి ఇంకో మాట. ఎక్కువగా వాడేది ఆక్రిలిక్, అంటే అదీ ప్లాస్టిక్ జాతే. కొన్ని బైండర్లు, రంగు గట్టిగా నిలవడానికి కలిపే ఫిక్సర్లు క్యూరింగ్‌లో ఫార్మాల్డిహైడ్ వదులుతాయి. గదిలో కళ్ళు మండాయంటే అనుమానించాలి. బట్టలో హానికర రసాయనాలు ఉన్నాయేమో చూసి ఇచ్చే ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 సర్టిఫికెట్‌లో ఒంటికి తగిలే బట్టకు ఫార్మాల్డిహైడ్ హద్దు కిలోకు 75 మిల్లీగ్రాములు. పసిపిల్లల బట్టల్లో అసలు కనబడకూడదు. పసిపిల్లల బట్ట ఆర్డర్ తీసుకునేముందు ఇంకు వాళ్ళను ఈ ఒక్క ప్రశ్న గట్టిగా అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

ఆ కాగితాలతో కూడా జాగ్రత్త. ఒక సప్లయర్ మాకు రంగురంగుల సర్టిఫికెట్ పంపాడు. ఏడాది పాటు గోడకు తగిలించుకున్నాం కూడా. తర్వాత ఒక కస్టమర్ తరఫున తనిఖీకి వచ్చినావిడ కళ్ళద్దాలు సర్దుకుని చదివి, "ఇది వేరే సిరీస్ ఇంకుదండీ, పైగా గడువు అయిపోయింది" అంది. నాకు తలకొట్టేసినట్టయింది. స్టాండర్డ్ 100 తయారైన బట్టకు, దారానికి, బొత్తాలకు ఇచ్చేది. ఇంకుకూ రసాయనాలకూ అయితే అదే సంస్థ ఎకో పాస్‌పోర్ట్ అని వేరేది ఇస్తుంది. ఏదైనా ఏడాదికోసారి కొత్తది తీసుకోవాలి. దాని మీది నంబరు కొట్టి వాళ్ళ సైట్‌లో చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని. సేంద్రియ పత్తి బట్టకు గాట్స్ (సేంద్రియ బట్టల ప్రమాణం) ముద్ర కావాలంటే పీవీసీతో చేసే ప్లాస్టిసాల్ ప్రింట్ పనికిరాదు. టీషర్టుల వాళ్ళు ఇది మర్చిపోయి బట్ట సేంద్రియం, బొమ్మ పీవీసీ తెస్తుంటారు. యూరప్‌కు పంపే బట్టల్లో కొన్ని అజో రంగుల (ఒక రకం కృత్రిమ రంగులు) నుంచి విడుదలయ్యే నిషేధిత అమైన్లు కిలోకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. అక్కడికి పంపే ఆర్డరైతే రిపోర్ట్ ముందే తెప్పించుకోవడం మేలు.

కరెంటు విషయంలో నేననుకున్నంత లాభం లేదు. ప్రింటర్ తాగేది తక్కువే, డ్రయ్యరే మింగేస్తుంది. రెండు మీటర్ల శాంపిల్ కోసం పొద్దున, ఇంకో రెండు మీటర్ల కోసం మధ్యాహ్నం డ్రయ్యర్ వేడెక్కించడం మొదట్లో మాకు అలవాటు. ఇప్పుడు చిన్న పనులన్నీ ఒకచోట చేర్చి, వారంలో రెండు రోజులే వేడి పెడుతున్నాం.

మరి ఇన్ని చెప్పి ఈ మెషిన్ మంచిదంటానా? అంటాను. కానీ అసలు లాభం నీళ్ళలో కంటే మిగులు బట్టలో కనబడింది. స్క్రీన్‌లో ఎనిమిది రంగుల డిజైన్‌కు ఎనిమిది స్క్రీన్లు. ఒక్కోదానికీ ఎమల్షన్ పూత, డిజైన్ పడేలా వెలుతురు పెట్టే ఎక్స్‌పోజింగ్, కడుగుడు. అంత చేశాక కొద్ది మీటర్లు వేస్తే గిట్టదు, అందుకని అడిగినదానికంటే ఎక్కువే వేసేవాళ్ళం. ఆ ఎక్కువ అటక మీద ఏళ్ళ తరబడి పడి ఉండేది. ఇప్పుడు 12 మీటర్లు అడిగితే 12, మళ్ళీ కావాలంటే మళ్ళీ 12. అటక ఖాళీ అయింది. దీంట్లో ఒక తిరకాసు కూడా ఉంది. సులువుగా వస్తుందని తెలిసి కస్టమర్లు శాంపిల్ మీద శాంపిల్ అడుగుతారు. "ఆ గులాబీ ఒక పిసరు తగ్గించండి" అంటూ ఒకాయన తొమ్మిదిసార్లు చేయించాడు. అందుకే శాంపిల్ అంటే అరచేయంత ముక్క, మూడుసార్లే అని బోర్డు పెట్టాం.

స్క్రీన్ టేబుళ్ళు తీసెయ్యలేదు. ఒకే డిజైన్ వేల మీటర్లు కావాలంటే ఇప్పటికీ వాటి మీదే లాభం, టర్కాయిస్ వచ్చినా అంతే. చిన్న ఆర్డర్లు, తరచూ మారే డిజైన్లు మీ దగ్గర ఎక్కువైతే ఈ మెషిన్ తీసుకోండి. ముదురు రంగుల పెద్ద ఆర్డర్లే మీ బతుకైతే ఇంకొన్నాళ్ళు ఆగండి.

టేబుళ్ళ దగ్గర కూడా కొన్ని మార్చాం. స్క్రీన్ కడిగే ముందు అంటుకున్న పేస్ట్‌ను ప్లాస్టిక్ రేకుతో గీకి డబ్బాలో వేసి తూస్తాం. తూకం మొదలుపెట్టిన వారం కాంటా చూసి మాస్టరు ఏమీ మాట్లాడలేదు, మర్నాటి నుంచి పేస్ట్ కలపడం తగ్గించాడు. రియాక్టివ్ ఉతుకులో చివరి తొట్టి నీళ్ళు దాదాపు తేటగా ఉంటాయి, వాటిని తర్వాతి తాను మొదటి ఉతుకుకు వాడుతున్నాం. ఆ మేరకు నీళ్ళు మిగులుతున్నాయి.

గీకిన పేస్టులు ఊరికే పోవడం లేదు. ఒకే జాతి రంగులైతే అన్నీ కలిపి, కాస్త నలుపు వేసి మట్టిరంగులాంటిది తయారు చేసుకుంటాం, లైనింగ్ బట్టకు వేస్తాం. పోయిన నెల ఒక కస్టమర్ ఆ లైనింగ్ చూసి, వేసిన డిజైన్ కంటే అదే బాగుందని, అచ్చం ఆ రంగులోనే 60 మీటర్లు కావాలన్నాడు. మాస్టరు డబ్బా మూత తీసి చూశాడు, అడుగున రెండు గరిటెలు ఉంది. అందులో ఏయే రంగులు, ఏ వారంవి, ఎంతెంత కలిశాయో ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు.