1/72 లారీలో 1/76 డ్రైవర్: చాలాకాలం వాడాక

1/72, 1/76 స్కేళ్ల బొమ్మల్ని (అంటే అసలుకన్నా 72 రెట్లు, 76 రెట్లు చిన్నవి) ఒకే డయోరమాలో, అంటే నిజం దృశ్యంలా పేర్చిన చిన్న నమూనాలో, కలపొచ్చా అని అడిగితే చాలామంది ఇద్దరు సైనికుల్ని పక్కపక్కన నిలబెట్టి, తలల ఎత్తు చూసి తేల్చేస్తారు. ఈ జోడీ అసలు సత్తా అక్కడ తెలియదు. పైకప్పు ఉన్న లారీ క్యాబిన్‌లో తెలుస్తుంది. 1/72 లారీకి 1/76 డ్రైవర్‌ని మించినవాడు లేడన్నది నా గట్టి అభిప్రాయం. ఏదో దొరక్క సర్దుకుపోవడం గురించి చెప్పడం లేదు. రెండు రకాల డ్రైవర్లూ చేతిలో ఉన్నా నేను 1/76 వాణ్నే ఎక్కిస్తాను.

కారణమంతా ప్లాస్టిక్ మందంలో ఉంది. అసలు లారీ రేకు మందం ఒకటి రెండు మిల్లీమీటర్లు. ముక్కలు అతికించి చేసే మోడల్ కిట్‌లో అదే రేకు దాదాపు 1 మి.మీ. ప్లాస్టిక్ అవుతుంది. 1/72 లెక్కన అది 7.2 సెం.మీ. మందమున్న గోడ! బయటి కొలతలు సరిగ్గా ఉండాలి కాబట్టి ఆ మందమంతా లోపలి చోటునే తినేస్తుంది. రెండు తలుపుల దగ్గర కలిపి 14 సెం.మీ. వెడల్పు, పైకప్పు దగ్గర 7 సెం.మీ. ఎత్తు పోయినట్టే. దీనికి తోడు సీటు. నిజం మనిషి కూర్చుంటే మెత్త కాస్త దిగుతుంది. 5 సెం.మీ. దిగుతుందనుకున్నా 1/72లో 0.7 మి.మీ. ప్లాస్టిక్ సీటు దిగదు, దాని మీద కూర్చున్నవాడి పిరుదులూ అణగవు. రెండూ కలిసి 1/72 డ్రైవర్ తల మీద ఉండాల్సిన చోటు 1.7 మి.మీ. తగ్గిపోతుంది. హెల్మెట్ కప్పుకి తగిలి క్యాబిన్ మూతపడదు. బలవంతంగా మూస్తే తలుపుల అతుకు విచ్చుకుంటుంది. అన్న చొక్కా తమ్ముడికి సరిపోతుంది కానీ తమ్ముడి చొక్కాలో అన్న పట్టడు కదా, ఇదీ అంతే.

1/76 డ్రైవర్ దగ్గర ఈ లెక్క మారిపోతుంది. సీటు నుంచి హెల్మెట్ నెత్తిదాకా 96 సెం.మీ. అనుకుంటే 1/72లో అది 13.3 మి.మీ., 1/76లో 12.6 మి.మీ. ఆ 0.7 మి.మీ. సీటు దిగని లోటుని సరిగ్గా తీర్చేస్తుంది. భుజాల వెడల్పూ తగ్గడంతో పక్కన ఇంకొకణ్ని కూర్చోబెట్టినా మోచేతులు తలుపుని నెట్టవు. మిగిలిన 1 మి.మీ.లో సగం బొమ్మ అడుగు చెక్కితే పోతుంది, మిగతా సగం పైకప్పు లోపలివైపు, తల వచ్చే చోట మాత్రమే గీకితే పోతుంది. అదే 1/72 బొమ్మకి ఆ తేడా అంతా శరీరంలోనే కొట్టేయాలి. తొడలు పలకల్లా అయిపోతాయి.

పని వరుస ముఖ్యం. ముందు సీటుని, స్టీరింగ్‌ని జిగురు లేకుండా పెట్టి, బొమ్మని కొద్దిగా పోస్టర్లు అంటించే మెత్తటి పుట్టీతో నిలబెట్టి, కప్పు మూసి ముందు అద్దంలోంచి చూడాలి. కళ్లు అద్దం ఎత్తులో సగానికి కాస్త పైన ఉండాలి, హెల్మెట్ అంచుకీ కప్పుకీ మధ్య సన్నటి చీకటి గీత కనబడాలి. ఆ గీత కనబడేదాకా అడుగు చెక్కుతూ పోవాలి, ఒక్కో విడతకి 0.2 మి.మీ. మించకుండా. ఈ స్కేల్లో చేయి పొడవు తేడా దాదాపు అర మిల్లీమీటరు కాబట్టి చేతులు స్టీరింగ్‌ని అందుకోవు. చేతుల్ని సాగదీసే పని పెట్టుకోవద్దు. వీపు వెనక 0.5 మి.మీ. ప్లాస్టిక్ షీటు ముక్క అంటించి మనిషి మొత్తాన్నీ ముందుకి జరపండి. బయటినుంచి ఆ ముక్క కనపడదు. బూట్లు నేలకి 0.3 మి.మీ. దాకా పైన ఉంటాయి, కప్పున్న క్యాబిన్‌లో దాన్ని పట్టించుకోనక్కర్లేదు. రంగులన్నీ అయ్యాకే అద్దాలు, అవి కూడా తెల్ల పీవీఏ జిగురుతోనే. సూపర్ గ్లూ ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లటి పొరలా పడుతుంది, ఆ మూసిన క్యాబిన్‌లోకి వేలు పెట్టి తుడవడం కుదరదు.

ఇంత మెచ్చుకున్నాక చెప్పాల్సినది, 1/76లో దొరికే బొమ్మల్లో చాలావరకు మెత్తటి ప్లాస్టిక్‌వి. అవి ఎమరీ కాగితానికి లొంగవు, రుద్దేకొద్దీ నూగు లేస్తుంది. కొత్త బ్లేడుతో ఒక్క కోతలో చెక్కాలి. ప్లాస్టిక్ సిమెంట్ దాన్ని కరిగించలేదు కాబట్టి అతకదు. సూపర్ గ్లూ పట్టినా ఒక్క కుదుపుకి ఊడుతుంది. అడుగున 0.5 మి.మీ. ఇత్తడి తీగ గుచ్చి, దాన్ని సీటులోని రంధ్రంలోకి దింపి అతికిస్తేనే నమ్మకం. రంగు వేసేముందు గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి, లేకపోతే అచ్చు నూనె మీద రంగు పెచ్చులూడుతుంది. గట్టి పాలీస్టైరీన్ సిబ్బంది దొరికితే ఈ బాధలేవీ లేవు, వాటికే నా ఓటు.

క్యాబిన్ దిగి నేల మీదికి వస్తే నా మెప్పు కాస్త తగ్గుతుంది. 180 సెం.మీ. ఎత్తు, 75 కిలోల మనిషిని 1/76లో చేసి 1/72 లోకంలో నిలబెడితే 170 సెం.మీ., 64 కిలోల మనిషి అవుతాడు. అలాంటివాళ్లు ఏ పటాలంలోనైనా ఉంటారు, మనిషితో చిక్కు లేదు. చిక్కు చేతిలో ఉన్నదానితో. 1.13 మీటర్ల లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకీ ఒక స్కేల్లో 15.7 మి.మీ., ఇంకోదాంట్లో 14.9 మి.మీ. మనుషుల్లో పొట్టి పొడుగు ఉంటారు, ఒకే కర్మాగారం తుపాకుల్లో ఉండవు. ఆ తేడాని కన్ను లెక్క కట్టకుండానే పట్టేస్తుంది. అందుకే రెండు స్కేళ్ల సైనికులు ఒకే భంగిమలో, ఒకే ఆయుధంతో, అరచేయంత దూరంలో ఉండకూడదు. మధ్యలో గోడో, పొదో, వాహనమో పెట్టండి, లేదా ఒకణ్ని మోకాలి మీద కూర్చోబెట్టండి. ఇంకా మంచిది, తుపాకులన్నీ ఒకే స్కేలువి మార్చేయడం. గుడ్డ సామాను, అంటే పరుపు చుట్టలు, టార్పాలిన్లు, బస్తాలు, ఏ స్కేలువైనా ఏ బండి మీదైనా వేసుకోవచ్చు, వాటికి ఫలానా కొలత అని లేదు. ఇళ్ల తలుపుల కొలత మాత్రం వాహనాన్ని చూసి తీసుకోవద్దు, నిలబడిన సైనికుల్ని చూసి తీసుకోండి. రెండు మీటర్ల తలుపు 1/72లో 27.8 మి.మీ. ఉండాలి.

రెండు స్కేళ్ల వాహనాల్ని కలపడం ఇంకో సంగతి. 5.84 మీటర్ల షెర్మన్ ఎం4ఏ1 ట్యాంకు పొడవు 1/72లో 81 మి.మీ., 1/76లో 77 మి.మీ. నాలుగు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ తేడా మూడు దిశల్లోనూ ఉంటుంది కాబట్టి ఘనపరిమాణం దాదాపు 18 శాతం పెరుగుతుంది. కన్ను చూసేది ఆ దిట్టతనాన్నే. ఒకే రకం ట్యాంకులు రెండు స్కేళ్లలో వరసలో పెడితే దాచలేం. వేర్వేరు రకాలైతే, చిన్నదాన్ని వెనక పెడితే, చాలాసార్లు ఎవరూ అడగరు.

మోడల్ కిట్లు, బొమ్మలు చేసే ఎయిర్‌ఫిక్స్ కంపెనీ ఒకప్పటి డబ్బాల మీద హెచ్‌ఓ-ఓఓ అని కలిపి రాసేవారు. హెచ్‌ఓ అంటే 1/87, ఓఓ అంటే 1/76. అందుకే పాత బొమ్మల విషయంలో నేను డబ్బా మీది మాటను పక్కన పెట్టి స్కేలు బద్దతో మడమ నుంచి నెత్తిదాకా కొలుస్తాను.

పెద్ద స్కేళ్లలో ఈ సూత్రం పనిచేయదు. 1/35 వాహనం దగ్గర 1/32 సైనికుణ్ని నిలబెడితే ఇందాకటి 180 సెం.మీ. మనిషి 197 సెం.మీ., 98 కిలోలు అవుతాడు. ముఖంలో కళ్లు, చెవులు దాకా చెక్కిన స్కేలు అది, పెద్ద తల వెంటనే దొరికిపోతుంది. తలలు, తుపాకులు మార్చినా చేతివేళ్లు మిగులుతాయి. ఒక్కణ్ని ముందు అంచున, వీక్షకుడికి దగ్గరగా పెట్టడం తప్ప నేను వేరే వాడకం చూడలేదు. 28 మి.మీ. యుద్ధ క్రీడల బొమ్మల కథ వేరు. ఆ కొలత మామూలుగా కంటి ఎత్తుకి చెప్పేది, తలలు చేతులు లావుగా పోస్తారు, కింద బిళ్ల 3 మి.మీ. ఉంటే 1/56లో మనిషి 17 సెం.మీ. గద్దె ఎక్కినట్టే. 1/56 లారీ పక్కన వాడు రాక్షసుడిలా ఉంటాడు. బిళ్ల కోసేసి నేలలోకి దింపితే 1/56 బండి సరిపోతుంది, బిళ్ల ఉంచాల్సి వస్తే 1/48 లారీ నయం. ట్యాంకుకి మాత్రం 1/48 వద్దు, బల్ల నిండిపోతుంది.

నేను చేసేవి ఎక్కువగా కప్పున్న లారీల వరసలు, అద్దాల అరలో చేయి చాచినంత దూరం నుంచి చూసేవి. అందుకే 1/76 డ్రైవర్ల మీద నాకింత ప్రేమ. పోటీకి పెట్టి న్యాయనిర్ణేత టార్చి వేసి చూసే పనైతే ఆ గీకిన కప్పునీ, నేలకి అందని బూట్లనీ పట్టుకుంటారు. కప్పు లేని జీపైతే నా సలహా పక్కన పెట్టండి. పైనుంచి చూస్తే స్టీరింగ్ అందని చేతులు, నేలకి తగలని కాళ్లు, వీపు వెనక ముక్క అన్నీ కనపడతాయి. దానికి 1/72 సిబ్బందినే వెతికి, సీటు కింది భాగాన్ని పల్చగా అరగదీసి కూర్చోబెట్టండి.