లేపాక్షి కప్పు మీద రంగులు, తాడిపత్రి గోడల మీద రాళ్లు

లేపాక్షి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది వేలాడే స్తంభం కింద కండువా దూర్చి, నాగలింగం ముందు ఒక ఫోటో, పెద్ద నంది దగ్గర ఇంకో ఫోటో దిగి బయటపడతారు. తలెత్తి కప్పు చూసేవాళ్లు తక్కువ. శిల్పం ఎక్కువ చెబుతుందా, చిత్రం ఎక్కువ చెబుతుందా అని వాదించుకోవడానికి మాత్రం ఈ వీరభద్రస్వామి గుడిని మించిన చోటు మా అనంతపురం వైపు లేదు (2022 నుంచి ఇది శ్రీ సత్యసాయి జిల్లా, మా నోటికి ఇంకా అనంతపురమే). ఇక్కడ రెండూ 16వ శతాబ్దానివే. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన గుడి. కారులో మా బావది శిల్పం పార్టీ, మా ఆవిడది చిత్రం పార్టీ.

నాట్యమండపంలో మొదట బావదే పైచేయి. మధ్యలో రంభ ఆడుతోంది, తుంబురుడు వీణ పట్టాడు, బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు. మూడు కాళ్ల భృంగి దగ్గర ఎవరైనా ఆగాల్సిందే. పార్వతికి మొక్కనన్నందుకు ఒంట్లో బలం పోగొట్టుకుని, శివుడిచ్చిన మూడో కాలితో నిలబడ్డవాడు. ఆ కథ తెలియకపోయినా ఆ కాళ్ల ఊపు తెలుస్తుంది. మనం పక్కకి జరిగితే నీడ మారి బొమ్మ కదిలినట్టే ఉంటుంది. అయితే రాతికి ఒక కష్టం ఉంది. స్తంభం వెడల్పు దాటి పోలేదు, మనిషి చుట్టూ ఊరిని, జనాన్ని చూపించలేదు.

కప్పు మీద ఆ ఇబ్బంది లేదు. పొడవాటి పట్టీలుగా కథ సాగుతుంది, మనం మెడ పైకెత్తి నడుస్తూ చదువుకోవాలి. శివుడు బోయవాడిగా వచ్చి అర్జునుడితో తలపడే కిరాతార్జునీయంలో పంది, దాని వెంట వేట, బాణం ఎవరిదన్న గొడవ, అన్నీ వరసగా వస్తాయి. ఎర్రమట్టి రంగు నేల మీద నల్లటి గీతతో మనుషులు. ముఖాలు చాలావరకు పక్కకి తిరిగి ఉంటాయి కాబట్టి ఒక్కో ముఖంలో భావం వెతికితే నిరాశే. భావమంతా చేతుల్లో, గుంపు ఒరిగిన తీరులో ఉంది. మా ఆవిడ చీరల అంచుల దగ్గర ఆగిపోయింది: చారలు, గళ్లు, పువ్వులు, ఏ రెండూ ఒకలా లేవు. మగవాళ్ల తలమీద పొడవాటి కుళ్లాయిలు. విజయనగరం నాటి బట్టల సంగతి ఏ రాతి బొమ్మా ఇంత వివరంగా చెప్పలేదు. వీరభద్రుడి బొమ్మ సుమారు 24 అడుగుల పొడవు ఉంటుందంటారు. పెచ్చులూడిన చోట కథ తెగిపోతుంది, రంగుతో వచ్చే చిక్కే అది.

మాకు దొరికిన గైడు స్తంభం గురించి పావుగంట చెప్పి, చిత్రాలను "అవన్నీ ఆకుల రంగులు సార్" అని రెండు నిమిషాల్లో తేల్చేశాడు. ముందే కథలు చదువుకుని, చిన్న బైనాక్యులర్ పట్టుకుని సొంతంగా తిరగడం మేలు. వెలుతురు బాగున్న పొద్దుటిపూటే వెళ్లండి. నల్లరాతి నేల మధ్యాహ్నం కాళ్లు కాలుస్తుంది, సాక్సులు ఉంచుకోండి.

బసకి గుడికి దగ్గర్లోనే పర్యాటక శాఖ హోటల్ ఉంది. పొద్దున్నే గుడికి వెళ్లాలంటే అదే వీలు. హోటళ్లు, భోజనం ఎక్కువ కావాలంటే 15 కిలోమీటర్ల దూరంలోని హిందూపురం. అక్కడి నుంచి ఆర్టీసీ బస్సులు, ఆటోలు తిరుగుతూనే ఉంటాయి.

తర్వాత మేం వెళ్లింది తాడిపత్రి. అక్కడ బస మామూలు లాడ్జీలే, రూములో టెన్షన్ పడాల్సిందేమీ లేదు కానీ గొప్పగా చెప్పుకోవడానికీ లేదు. అనంతపురంలో ఉండి పొద్దున వెళ్లి రావడం మంచిది. తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి చూశాక మా ఆవిడ పార్టీ కాస్త బలహీనపడింది. మామూలుగా గోపురం కింది నిటారు భాగం సాదాగా వదిలేస్తారు, అలంకారమంతా పైన. ఇక్కడ ఆ కింది భాగమంతా చెక్కేశారు, గట్టి రాతిలో, సూదితో గీసినంత పదునుగా. 19వ శతాబ్దంలో మన కట్టడాల చరిత్ర రాసిన జేమ్స్ ఫెర్గుసన్ ప్రత్యేకంగా మెచ్చుకున్నది దీన్నే. చింతల వెంకటరమణస్వామి గుడి గోడల మీద రామాయణం కూడా వరసగా ఉంది, అంటే రాయి కథ చెప్పలేదని కాదు. కానీ ఒక్కో ఘట్టం ఒక్కో గడిలో ఆగిపోతుంది, లేపాక్షిలోలాగా ఒకదాంట్లోకి ఒకటి ఒరగదు. గరుడుడి మండపం రథంలా ఉంటుంది, దాని చుట్టూ తిరగనిదే అర్థం కాదు. ఈ తిరగడం అన్నది ఏ చిత్రమూ ఇవ్వలేదు.

వాదం తేలక దారిలో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఆగాం. తోలుబొమ్మలకు పేరున్న ఊరు. ఇక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలుకి ఉలితో సన్నటి రంధ్రాలు పెడతారు, రంగులు వేస్తారు. వెనక దీపం పెడితే నగలన్నీ ఆ రంధ్రాల్లోంచి మెరుస్తాయి. సగం చెక్కడం, సగం చిత్రం. ఇప్పుడు ఆటలు తగ్గి ల్యాంప్ షేడ్లు ఎక్కువ చేస్తున్నారు. బేరం ఆడాలనిపించలేదు, పని చూశాక ఎవరికీ అనిపించదు.

నా ఓటు అడిగితే, ఒక్క మనిషి ఒంటి ఊపుకి రాయి, ఒక కాలం జనానికి రంగు. ఒక్కరోజే ఉంటే లేపాక్షికి వెళ్లండి, తాడిపత్రి తర్వాతైనా అక్కడే ఉంటుంది. కప్పు మీది రంగు మాత్రం పెచ్చులూడుతోంది.