డోరు సొట్ట లాగించాలా, డోరే మార్చాలా? తిరుపతి షోరూములు, టింకరింగ్ షాపుల పనితనం ఎలా ఉంది

తిరుపతిలో కారు డోరుకు సొట్ట పడితే రెండు మాటలు వినిపిస్తాయి. రేణిగుంట రోడ్డు షోరూములో అడ్వైజర్ "డోరు మార్చాల్సిందే సార్, ఇన్సూరెన్స్ ఉంది కదా" అంటాడు. టింకరింగ్ షాపులో మేస్త్రీ "కొత్త డోరెందుకన్నా, రేకు లాగేస్తా, తెలీనే తెలీదు" అంటాడు. ఇద్దరూ డోరు లోపలి ప్యాడ్ విప్పకుండానే తీర్పు చెప్పేస్తారు. విప్పి చూడనిదే ఆ మాటకు విలువ లేదు.

చూడాల్సింది సొట్ట ఎంత పెద్దదని కాదు, ఎక్కడ పడిందని. చాలా కార్లలో డోరు బయటి రేకు మందం 0.7 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. గాంధీ రోడ్డు రద్దీలో బైకు హ్యాండిల్ తగిలి డోరు మధ్యలో అరచేయంత గుంట పడినా, రేకు సాగి ఉండదు కాబట్టి పని తేలిక. అదే సొట్ట పొడవునా సాగే బాడీ లైను మీదో, కింది అంచు మీదో పడితే రూపాయి బిళ్లంత ఉన్నా మొండికేస్తుంది. అంచు దగ్గర బయటి రేకును లోపలి ఫ్రేము మీదకు మడిచి, జిగురు పెట్టి నొక్కేసి ఉంటారు. అక్కడికి లోపలినుంచి సుత్తీ పోదు, రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ (డాలీ) కూడా పోదు. ఘాట్ రోడ్డు పిట్టగోడకు రాసుకున్న డోర్లు ఎక్కువగా ఈ రకమే: డోరు కింది భాగమంతా గాడి, అంచు మడత నలిగిపోయి ఉంటుంది.

ప్యాడ్ విప్పాక టార్చి వేసి ముందు చూడాల్సింది డోరు లోపల అడ్డంగా ఉండే బీమ్. పక్కనుంచి గుద్దితే మనిషిని కాపాడేది అదే. అది గట్టి ఉక్కుతో చేసింది. వంగితే వేడి చేసి సరిచేయకూడదు, చేస్తే ఆ గట్టిదనం పోతుంది. బీమ్ వంగినా, డోరు తిరిగే హింజ్ బోల్టుల చుట్టూ రేకు చిట్లినా, లాక్ ఉండే వైపు ఫ్రేము మెలి తిరిగినా డోరు మార్చడమే. ఇక్కడ మేస్త్రీ ఎంత పనిమంతుడైనా ఒప్పుకోవద్దు. కొన్ని మోడళ్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించిన ప్రెషర్ సెన్సార్ ముందు డోర్లోనే ఉంటుంది. అలాంటి కారైతే బ్యాటరీ తీగ తీయకుండా డోరు మీద సుత్తి పడనీయకండి.

ఇవేవీ లేకుండా బయటి రేకు మాత్రమే దెబ్బతింటే, మా ఓటు మంచి టింకరింగ్ షాపుకే. సుత్తి పనిలో మన ఊరి పాత మేస్త్రీల చెయ్యి నిజంగా బాగుంటుంది. పెయింటు గీసేసి, బేర్ మెటల్ మీద వాషర్లో పిన్నులో వెల్డింగ్ పెట్టి, పుల్లర్‌తో కొద్దికొద్దిగా లాగుతారు. తెలిసినవాడు సొట్ట నడిమధ్యలో లాగడు. చుట్టూ ఉబ్బిన అంచును సుత్తితో నెమ్మదిగా దించుతూ, గుంటను అంచులనుంచి లోపలికి లేపుకుంటూ వస్తాడు. మధ్యలో ఒకేసారి బలంగా లాగితే రేకు సాగిపోతుంది. సాగిన రేకును బొటనవేలితో నొక్కితే నూనె డబ్బా అడుగులా టక్కుమని లోపలికి పోయి మళ్లీ బయటికొస్తుంది. దాన్ని అక్కడక్కడా వేడిచేసి, తడిగుడ్డతో చల్లార్చి బిగించాలి. ఆ ఓపిక లేనివాడు పైన లప్పం పూసి కప్పేస్తాడు. డోరు గట్టిగా వేసిన ప్రతిసారీ ఆ రేకు అదురుతుంది, కొన్ని నెలలకు లప్పం చిట్లుతుంది.

లప్పమే చెడ్డదని కాదు. 2, 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే దానివల్ల ఇబ్బంది లేదు. షాపుల్లో చెడిపోయేది రెండు చోట్ల. గట్టిపడేందుకు కలిపే హార్డెనర్ లప్పం బరువులో సుమారు 2 శాతం ఉండాలి. తొందరగా ఆరాలని ఎక్కువ కలిపితే ఆ రంగు పెయింటులోంచి మచ్చలా పైకి తేలుతుంది. తక్కువైతే లోపల పచ్చిగానే ఉండి, తర్వాత కుంగి గుంట మళ్లీ కనబడుతుంది. ఇక రెండోది, ఆరిన లప్పాన్ని వాటర్ పేపరుతో నీళ్లు పోసి రుద్దడం. లప్పం నీళ్లు పీల్చుకుంటుంది, ఎండాకాలం వచ్చేసరికి పెయింటు కింద బుడగలు లేస్తాయి. లప్పాన్ని 80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 180, 320 వరకు పొడిగానే రుద్దాలి. నీళ్లు ప్రైమర్ కోటు ఆరిన తర్వాతే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర వానలు ఎక్కువ. ఆ నెలల్లో రేకుల షెడ్డు కింద పెయింటు కొట్టే షాపుకు కారు ఇవ్వొద్దు, పైన కొట్టే మెరుపు పూత (క్లియర్ కోటు) మబ్బు పట్టినట్టు తేలుతుంది. పెయింటు బూత్ (మూసిన గది) ఉన్నచోటే కొట్టించండి.

టింకరింగ్ షాపుల్లో దాదాపు అందరూ వదిలేసే పని ఒకటుంది. బయట వెల్డింగ్ పెట్టిన ప్రతి చుక్క వెనకాల, డోరు లోపలివైపు, కంపెనీ పూత కాలిపోతుంది. అక్కడ యాంటీ రస్ట్ కోటింగ్ కొట్టకపోతే తుప్పు లోపలినుంచి మొదలై ఏడాదో రెండేళ్లకో పైకి పొక్కులా వస్తుంది. దానికి అయ్యే ఖర్చు తక్కువే. అడిగితే కొడతారు, అడగాలి అంతే.

ఇప్పుడు షోరూముల సంగతి. రంగు కలపడంలో, బూత్‌లో సుమారు 60 డిగ్రీల వేడిమీద ఆరబెట్టడంలో వీళ్లది పైచేయి. అయితే కొత్త డోరంటే సమస్యలేం రావనుకోకండి. వచ్చేది ఉట్టి షెల్, ప్రైమర్ కోటుతో. పాత డోరులోని అద్దం, దాన్ని ఎత్తే రెగ్యులేటర్, లాక్, వైరింగ్, స్పీకరు, రబ్బరు బీడింగ్ అన్నీ విప్పి దీనికి ఎక్కించాలి. ప్యాడ్ వెనకాల ఉండే ప్లాస్టిక్ షీటు ఈ పనిలో చినుగుతుంది. దాన్ని మళ్లీ సరిగ్గా అతికించకపోతే వానాకాలంలో కారు ఫ్లోరు తడుస్తుంది, వాసనొస్తుంది, ఎక్కడినుంచి వస్తోందో ఎవరికీ అంతుబట్టదు. డోరు అడుగున నీళ్లు పోయే కన్నాలు సీలెంటుతో మూసుకుపోవడం ఇంకో మామూలు తప్పు. అద్దం కొంచెం వాలుగా కూర్చుంటే చెన్నై రోడ్డులో 80 దాటగానే ఈల వినిపిస్తుంది.

మెటాలిక్, పర్ల్ రంగులైతే ఒక్క డోరుకే కొడితే తేడా తెలుస్తుంది. పక్క ప్యానెళ్ల మీదికి కాస్త కలిపేలా కొట్టాలి. ఎస్టిమేటులో అది ఉందో లేదో ముందే చూసుకోండి. తెల్ల కారుకు ఇంత బాధ లేదు, కానీ ఎండకు పాలిపోయిన తెలుపు కూడా కొత్త తెలుపుతో కలవదు.

డబ్బు లెక్కలో చాలామంది పెయింటు ఖర్చును రెండు ఎస్టిమేట్లలోనూ చూసి తికమకపడతారు. పెయింటు ఎటూ తప్పదు, కాబట్టి దాన్ని పక్కన పెట్టి, టింకరింగ్ కూలీని కొత్త షెల్ ధర, బిగించే కూలీ కలిపిన మొత్తంతో పోల్చండి. కూలీ అందులో సగం దాటిందంటే డోరు మార్చడమే నయం.

ఇన్సూరెన్స్ "ఫ్రీ" అన్న మాట నమ్మొద్దు. జీరో డెప్ (ఈ కోతలు లేకుండా చేసే అదనపు కవర్) లేని పాలసీలో కారు వయసును బట్టి ఇనుప భాగాల మీద కోత ఉంటుంది: 2 నుంచి 3 ఏళ్లకు 15 శాతం, 4 నుంచి 5 ఏళ్లకు 35, 5 దాటితే 40, 10 దాటితే 50. రబ్బరు, ప్లాస్టిక్ సామాను మీద 50. పెయింటు బిల్లులో 25 శాతాన్ని మెటీరియల్‌గా లెక్కగట్టి అందులో సగం కోస్తారు. వీటిపైన 1500 సీసీ లోపు కారుకు 1,000 రూపాయలు తప్పనిసరిగా మనమే కట్టాలి, ఆపైన అయితే 2,000.

ఇంతవరకూ ఒక్క క్లెయిమూ చేయని నాలుగున్నరేళ్ల చిన్న కారు అనుకుందాం. షెల్ 10,000, బీడింగ్ 1,000, పెయింటు 5,000, కూలీ 2,000, మొత్తం 18,000. మన వాటా 3,500, 500, 625, ఆపైన 1,000, వెరసి 5,625. కంపెనీ ఇచ్చేది 12,375. ఇప్పుడు నో క్లెయిమ్ బోనస్ చూడండి. క్లెయిమ్ చేయకపోతే వచ్చే రెన్యువల్‌కు 50 శాతం తగ్గింపు రావాలి, క్లెయిమ్ చేస్తే సున్నా. ఆ తర్వాత 20, 25, 35, 45 అంటూ మళ్లీ మెట్లెక్కాలి. అన్నీ కలిపితే పోయేది ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో (మన కారు నష్టం కోసం కట్టే భాగం) 125 శాతం. ఆ ప్రీమియం 6,000 అనుకుంటే 7,500. అంటే 12,375 వచ్చినట్టు కనిపించినా చేతిలో మిగిలేది 5,000 లోపే. 5,000 రూపాయల టింకరింగ్ పనికి క్లెయిమ్ పెట్టడం చేజేతులా నష్టపోవడమే. అదే రెండు డోర్లు, వాటి మధ్య పిల్లర్ కలిపి పోయాయనుకోండి, కళ్లు మూసుకుని క్లెయిమ్ చేయండి.

సెకండ్ హ్యాండ్ డోరు కావాలంటే తిరుపతి మేస్త్రీలు పాత కార్ల సామాను దొరికే చెన్నై పుదుపేట పేరు చెబుతారు. పాత కారుకు అది మంచి దారే. బేరానికి ముందు డోరును తిరగేసి కింది అంచు మడత చూడండి, తుప్పు మొదలయ్యేది అక్కడే. చిన్న అయస్కాంతం తీసుకెళ్లి రేకంతా తాకించండి, లప్పం మందంగా ఉన్నచోట పట్టు సడలుతుంది. మీ కారు ఏ వేరియంటో, పవర్ విండోనా కాదా, సైడ్ మిర్రర్‌కు కెమెరా ఉందా అన్నది సరిచూసుకోకపోతే వైరింగ్ కన్నాలు కలవవు.

షాపు ఏదైనా ఒక్క షరతు పెట్టండి: రేకు లాగడం పూర్తయ్యాక, లప్పం పెట్టకముందు బేర్ మెటల్ మీద వీడియో పంపమనండి. తడుముకునే షాపు నుంచి కారు వెనక్కి తెచ్చుకోవచ్చు. డెలివరీ రోజు పగటి వెలుతురులో తీసుకోండి, ట్యూబులైటు కింద కాదు. డోరు చుట్టూ సందు రెండోవైపు డోరుతో సమానంగా ఉండాలి. బీడింగ్‌కూ డోరుకూ మధ్య కాగితం పెట్టి మూసి లాగితే బిగువుగా రావాలి, జారిపోతే అక్కడ నీళ్లు దూరతాయి. ఆ తర్వాత పైపుతో అద్దం మీద ఐదు నిమిషాలు నీళ్లు పట్టించి, లోపల మ్యాట్ ఎత్తి చేత్తో తడిమి చూసి, అప్పుడు మిగిలిన డబ్బు ఇవ్వండి.